పాత ఆక్టేవియా ఆర్‌ఎస్‌కు ముందు బంపరు: పాత ఒరిజినలా, సాదా ఆక్టేవియాదా, ఫైబరుదా?

ఒడిశా సరిహద్దులోని గిరిసోల దాటిన తరువాత జాతీయ రహదారికి అడ్డంగా వచ్చిన ఒక గేదె మా స్కోడా ఆక్టేవియా ఆర్‌ఎస్ (ఆక్టేవియాలోనే వేగం కోసం చేసిన రకం) ముందు బంపరును కుడి ఫెండరు దగ్గర చీల్చింది. గేదె లేచి తన దారిన పోయింది. మేము మాత్రం బరంపురంలో మూడు నెలలు బంపరు కోసం తిరిగాము. 1.8 లీటర్ల టర్బో ఇంజినుతో 2004లో మన దేశానికి వచ్చిన ఈ బండికి ఇంజిను సామాను దొరికినంత తేలికగా బంపరు దొరకదు.

వెతికేవారిని ముందుగా పక్కదారి పట్టించేది పేరు. యూరప్‌లో రెండో తరం ఆక్టేవియాగా అమ్మిన బండిని మన దేశంలో లారా అన్నారు. 2013లో ఆక్టేవియా పేరుతో ఇక్కడికి తిరిగి వచ్చినది మూడో తరం. అందువల్ల ‘ఆక్టేవియా బంపరు ఉందా?’ అని మాత్రమే అడిగితే ఏ తరం సరుకైనా చేతికి రావచ్చు. బంపరు లోపలివైపు ప్లాస్టిక్ మీద అచ్చు వేసిన నంబరు 1యు అని మొదలైతే అది మన బండి తరానిది, అంటే మొదటి తరానిది, 1జెడ్ అయితే లారాది. ఫొటో అడిగేటప్పుడు పైభాగం కాక ఈ లోపలి నంబరూ, చివర్లలో బండికి బిగించే చెవులూ కనిపించేలా తీయమనాలి.

మా మొదటి ఆలోచన పాత బండ్ల సామాను అమ్మే కోల్‌కతా మల్లిక్ బజార్. బరంపురం నుంచి హౌరా రైలులో సుమారు 600 కిలోమీటర్లు. అలాంటిదే అయిన చెన్నై పుదుపేట అదే లైనులో వెయ్యి దాటుతుంది. పైగా కోల్‌కతాలో మనకు వచ్చిన హిందీతో బేరం నడుస్తుంది, పుదుపేటలో అరవం రాక నోరు కట్టేసినట్టుంటుంది. పాత ఒరిజినల్ ఆర్‌ఎస్ బంపరు దొరికితే అదే మేలు, రంగు వేరైనా సరే, ఎలాగూ రంగు వేయించక తప్పదు. అయితే చెవులు విరిగినదాన్ని మాత్రం ధర తగ్గించినా తీసుకోకూడదు. మాకు మొదట వచ్చిన బంపరు ముందువైపు అద్దంలా ఉంది. తిప్పి చూస్తే ఎడమ చెవిని ఎవరో జిగురుతో అతికించి, పైన నల్ల రంగు పూశారు. వేలితో నొక్కగానే ఊడి వచ్చింది. బిల్లు లేని సరుకును కూడా వదిలేయాలి, అది ఏ బండిదో తెలియదు గనుక.

రెండోది సాదా ఆక్టేవియా బంపరు. ఫెండర్లూ, బిగించే చోట్లూ ఒకటే కాబట్టి ఇది బండికి చక్కగా కూర్చుంటుంది. ఆ బండ్లు ఎక్కువగా అమ్ముడయ్యాయి గనుక వెతకడమూ సులువు. పోయేది ఆర్‌ఎస్ రూపమే. బండిని రోజూ నడిపేవారికి ఇది చాలు, దాని ముఖం కోసమే ఉంచుకున్నవారికి చాలదు. ఫోక్స్‌వాగన్ గోల్ఫ్ నాలుగో తరానిదీ ఇదే ప్లాట్‌ఫాం కదా అని మా బావగారు దాని బంపరు గురించి అడిగారు గానీ, కింది భాగాలు కలిసినంత మాత్రాన ముఖాలు కలవవు.

మూడోది, చివరిది, ఫైబరుతో పోతపోసిన నకలు. అసలు బంపరు వంగి మళ్ళీ తన ఆకారానికి వచ్చే ప్లాస్టిక్. ఫైబరు వంగదు, పగులుతుంది. మేము చూసినదాన్ని పెట్టి చూస్తే హెడ్‌లైటు కింద ఒక పక్క వేలు దూరే సందు, మరో పక్క కాగితం కూడా దూరలేదు. ఆ సందును సరిచేయడానికి గీకడం, స్క్రూలు దించడం మొదలుపెడితే, చవక అనుకున్నది కూలీ లెక్కలో చవకగా మిగలదు.

వీటన్నిటికంటే ముందు పాతదాన్ని విప్పి, దాని వెనుక ఉండే లోహపు కడ్డీని చూడాలి. మనం బంపరు అనేది ప్లాస్టిక్ పైతొడుగును మాత్రమే. కడ్డీ వంగి ఉంటే ఏ తొడుగూ సరిగా కూర్చోదు. చీలిక చెవుల దాకా పోకపోతే అదే రకం ప్లాస్టిక్ కడ్డీతో వేడిచేసి అతికించవచ్చు, రంగు కింద కొంచెం అల కనిపించినా సరే అనుకుంటే. మాది చెవితో సహా పోయింది, అందుకే చివరికి కోల్‌కతా సరుకే తెచ్చాము: రెండో బంపరును బొంతలో చుట్టి, అట్ట కట్టి, రైలు పార్సిలులో. రంగు వేయించక ముందే బండికి బిగించి చూశాము. ఫాగ్ లైటు బిగించే ఒక క్లిప్పు మాత్రం పాతదాని నుంచి తీసి వాడవలసి వచ్చింది.