కాటా గుమాస్తా రేటు దిద్దలేడు: పోస్ట్‌గ్రెస్ రోల్స్ వాడిన అనుభవం

భీమవరం చుట్టుపక్కల చెరువుల నుంచి రొయ్యలు కొనే ఒక సంస్థకు డేటాబేస్ చూసుకోవడం నా పని. ఈ వ్యాపారంలో తగాదాలన్నీ రెండు అంకెల దగ్గరే పుడతాయి: కిలోకి ఎన్ని రొయ్యలు తూగాయన్న కౌంట్, ఆ కౌంట్‌కి కట్టిన రేటు. కౌంట్ రాసేవారి చేతికి రేటు అందకూడదు. రేటు కట్టేవారు తూకాన్ని ముట్టుకోకూడదు. పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌లోని రోల్స్ మీద నాకున్న అభిమానమంతా ఈ ఒక్క నియమాన్ని అవి కాపాడిన తీరు వల్లనే.

రోల్ అంటే కొన్ని అనుమతులు కట్టిపెట్టిన పేరు, గ్రాంట్ అంటే ఆ అనుమతి ఇచ్చే ఆదేశం. ఈ పని చేసేవారికి ఇంతకంటే కొత్తగా చెప్పనక్కరలేదు. నేను చెప్పాలనుకున్నది టేబుల్‌లో ఒక్కో కాలమ్‌కు (నిలువు వరుసకు) విడిగా ఇచ్చే కాలమ్ స్థాయి అనుమతి గురించి. అప్‌డేట్ (ఉన్న విలువను మార్చే) అనుమతిలో కాలమ్ పేర్లు విడిగా రాసి, కాటా రోల్‌కు బరువు, కౌంట్ మాత్రమే ఇచ్చాం. రేటు కాలమ్ ధరల రోల్‌కు వెళ్లింది. అంతకుముందు ఈ కట్టడి మొత్తం ఫోను యాప్‌లో ఉండేది. యాప్ మార్చినప్పుడల్లా ఏదో ఒక తెరలో తనిఖీ జారిపోయేది. పైగా లెక్కల విభాగం వారు ఎక్సెల్‌ను నేరుగా డేటాబేస్‌కు కలుపుకుంటే యాప్ నియమాలేవీ వారికి వర్తించేవి కావు. ఇప్పుడు ఏ దారిన వచ్చినా ఒకటే సమాధానం. చేను చేనుకూ కాపలా పెట్టే బదులు తూముకే పలక దించినట్టయింది.

ఇబ్బంది పెట్టిన సంగతి వేరే ఉంది. ఒక సీజన్ మధ్యలో, నాణ్యత కోతలు నమోదు చేయడానికి కొత్త టేబుల్ వచ్చింది. కొత్త టేబుళ్లన్నీ రిపోర్టుల రోల్‌కు వాటంతట అవే కనిపించాలని ‘ఆల్టర్ డిఫాల్ట్ ప్రివిలేజెస్’ ఆదేశం ఎప్పుడో ఇచ్చి ఉంది, చాలాకాలం చక్కగా పనిచేసింది కూడా. ఆ రాత్రి నరసాపురం వైపు చెరువుల్లో రొయ్యల పట్టుబడి అయింది. ఐసు వేసిన లారీలు నిలబడి ఉన్నాయి, రైతులు లెక్క చీటీ కోసం కూర్చున్నారు. సరిగ్గా అప్పుడు చెల్లింపుల రిపోర్టు ‘అనుమతి లేదు’ అంటూ ఆగిపోయింది. పాత టేబుళ్లన్నిటికీ అనుమతి ఉంది, కొత్తదానికి లేదు. డిఫాల్ట్ నియమం చూస్తే ఎక్కడిది అక్కడే ఉంది.

అసలు కారణం ఏమిటంటే, ఆ నియమం టేబుల్‌ను సృష్టించే రోల్‌కు అంటుకుని ఉంటుంది. నిర్వాహక రోల్‌కు పెట్టిన నియమం ఆ రోల్ సృష్టించిన వాటికే వర్తిస్తుంది. ఈ టేబుల్‌ను కొత్తగా చేరిన డెవలపర్ తన సొంత లాగిన్‌తో సృష్టించారు. నిర్వాహక రోల్‌లో ఆయనకు సభ్యత్వం ఉంది, అయినా లాభం లేకపోయింది. సభ్యత్వంతో అనుమతులు సంక్రమిస్తాయి గానీ డిఫాల్ట్‌లు సంక్రమించవు. పోస్ట్‌గ్రెస్ పత్రాల్లో ఈ మాట ఉంది. కానీ టేబుల్ సృష్టించే సమయంలో చిన్న హెచ్చరిక కూడా రాదు, మొదటి రిపోర్టు విఫలమయ్యే దాకా అంతా సవ్యంగానే కనిపిస్తుంది. నాకు కోపం తెప్పించింది ఆ మౌనమే.

ఒక్క గ్రాంట్‌తో ఆ రాత్రి గడిచింది. తర్వాత లాగిన్ లేని యజమాని రోల్ ఒకటి పెట్టాం. స్కీమా (టేబుళ్ల నిర్మాణం) మార్పులన్నీ ‘సెట్ రోల్’తో ఆ రోల్‌లోకి మారాకే నడవాలి, డిఫాల్ట్ నియమాలన్నీ దాని పేరు మీదే ఉంటాయి. 2021లో వచ్చిన 14వ వెర్షన్‌లో అన్ని టేబుళ్లనూ చదవనిచ్చే సిద్ధ రోల్ ఉంది, దాన్ని రిపోర్టులకు ఇచ్చేస్తే ఈ చిక్కే ఉండదు. అయితే అది రైతుల బ్యాంకు ఖాతాల టేబుల్‌ను కూడా తెరిచి పెడుతుంది, అందుకే వద్దనుకున్నాం. 2022 నాటి 15వ వెర్షన్ నుంచి కొత్త డేటాబేస్‌లలో పబ్లిక్ స్కీమాలో (టేబుళ్లు మామూలుగా చేరే ఉమ్మడి విభాగంలో) ఎవరు పడితే వారు టేబుళ్లు సృష్టించలేరు. పాతదాన్ని అప్‌గ్రేడ్ చేసుకున్న మాలాంటి వారు ఆ అనుమతిని చేత్తో తీసేయాలి.

కాలమ్ అనుమతుల్లోనూ మెలికలున్నాయి. టేబుల్ మొత్తానికి అప్‌డేట్ ఇచ్చి ఉంటే, ఒక్క కాలమ్‌కు రివోక్ చేసినా (అనుమతి వెనక్కి తీసుకున్నా) ఫలితం ఉండదు. చదివే అనుమతిని కాలమ్‌ల వారీగా ఇస్తే, అన్ని కాలమ్‌లనూ ఒకేసారి అడిగే పాత క్వెరీలన్నీ ఆగిపోతాయి. ఇక ఏ దారిన వచ్చినా ఒకటే సమాధానం అన్నాను గానీ, యాప్ సర్వర్ మాత్రం అందరి తరఫునా ఒకే లాగిన్‌తో వస్తుంది. ప్రతి లావాదేవీ మొదట్లో సరైన రోల్‌లోకి మారే బాధ్యత దానిదే. యాప్‌లో బయటివారు తమ ఎస్‌క్యూఎల్ (డేటాబేస్ ఆదేశాలు) చొప్పించే లోపం ఉంటే, మారిన రోల్ నుంచి వెనక్కి తెచ్చే ‘రీసెట్ రోల్’తో ఆ గోడ దాటవచ్చు. నా నిశ్చింత ఎక్సెల్ దారికి పూర్తిగా, యాప్ దారికి కొంతవరకే.

మా దగ్గర వాడేవారంతా జీతం తీసుకునే సిబ్బంది, రోల్స్ కూడా కొన్నే. ఆ లెక్కన నాకు ఇది సరిపోయింది. రైతులకే లాగిన్ ఇచ్చి, ఎవరి చెరువు లెక్క వారికే చూపించాలన్న ఆలోచన ఇప్పుడు నడుస్తోంది. దానికి రోల్స్ ఒక్కటే చాలవు. ఎవరికి ఏ అడ్డు వరుస కనిపించాలో చెప్పే వరుస స్థాయి నియమాలు కావాలి, గుర్తింపు కోసం కీక్లోక్ లాంటి లాగిన్ సాఫ్ట్‌వేర్ బయట నిలబెట్టాలి. కాటా, ధర, లెక్కలు విడివిడిగా ఉండాల్సిన చోట మాత్రం కాలమ్ గ్రాంట్‌ను వదులుకోను.