అరకు దారిలో రెండు చిన్న కెమెరాలు

విశాఖపట్నం నుంచి రైలులో బొర్రా, అరకు, అక్కడి నుంచి రోడ్డు మీద పాడేరు, వంజంగి చూసుకుని మళ్లీ విశాఖ చేరిన నాలుగు రోజుల ప్రయాణమిది. నవంబరు చివరి వారంలో వెళ్లాం. నా దగ్గర సోనీ ఆర్‌ఎక్స్‌100 మార్క్ 3 ఉంది, మా బావమరిది దగ్గర ఒలింపస్ టఫ్ టీజీ-6 ఉంది. మొదటిది 2014లో, రెండోది 2019లో విడుదలైన మోడళ్లు. రెండింటిలో ఏది మంచిదన్న వాదన మా ఇంట్లో పండగ భోజనాల దగ్గర ఎన్నిసార్లు వచ్చినా తేలలేదు కనుక, ఈసారి ఒకే చోట, ఒకే వెలుతురులో రెండింటితోనూ తీసి ఇంటికి వచ్చాక పక్కపక్కన పెట్టి చూద్దామని ముందే అనుకున్నాం. ఫోన్లు అందరి దగ్గరా ఉన్నాయి, వాటితోనూ తీశాం, కానీ వాటి సంగతి ఇక్కడ ఎత్తను.

తూకంలో పెద్ద తేడా లేదు. సోనీ 290 గ్రాములు, ఒలింపస్ 253 గ్రాములు. తేడా అంతా లోపలే ఉంది. వెలుతురును పట్టి ఫోటోగా మార్చేది సెన్సర్. సోనీలోని సెన్సర్‌ను 'ఒక అంగుళం' సెన్సర్ అంటారు గాని, ఆ పేరు పాతకాలపు టీవీ కెమెరా గొట్టాల కొలత నుంచి వచ్చిందే తప్ప అసలు పరిమాణం కాదు. దాని పొడవు 13.2 మిల్లీమీటర్లు, వెడల్పు 8.8 మిల్లీమీటర్లు. ఒలింపస్ సెన్సర్ వైశాల్యం అందులో దాదాపు నాలుగో వంతు మాత్రమే. అంటే ఒకే షట్టర్ వేగంతో, ఒకే ఎఫ్ అంకె (కటకం రంధ్రం ఎంత తెరుచుకుందో చెప్పేది, అంకె చిన్నదైతే రంధ్రం పెద్దది) పెట్టి తీసినా సోనీకి దాదాపు నాలుగింతల వెలుతురు అందుతుంది. దానికి బదులుగా ఒలింపస్ 15 మీటర్ల లోతు నీటిలో పనిచేస్తుంది, 2.1 మీటర్ల ఎత్తు నుంచి పడినా తట్టుకుంటుంది, సున్నాకు పది డిగ్రీల దిగువ చలిలోనూ ఆగదు. ఇవి తయారీదారు చెప్పే లెక్కలు. లోతు నీటి సంగతి మేము పరీక్షించలేదు, పడేయడం మాత్రం మా అమ్మాయి పుణ్యమా అని అనుకోకుండానే జరిగింది. ఆ ముచ్చట వంజంగి దగ్గర చెబుతాను.

కిరండూల్ వెళ్లే రైలు తెల్లవారుజామునే బయలుదేరుతుంది కనుక ముందు రోజు రాత్రి విశాఖలో స్టేషన్‌కు నడిచి వెళ్లగలిగే దూరంలో ఒక లాడ్జిలో దిగాం. గది ఇరుకే అయినా ఆ ఒక్క రాత్రికి సముద్రం కనిపించే గదికి డబ్బు పోయడం దండగ. కొత్తవలస నుంచి కిరండూల్ దాకా వేసిన ఈ మార్గం ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చడానికి పుట్టింది. 58 సొరంగాలున్న ఈ దారిలో ప్రయాణికులకు దొరికే దృశ్యం ఖనిజం పుణ్యాన వచ్చిన లాభం. శృంగవరపుకోట దాటి శివలింగపురం వచ్చేసరికి కొండ ఎక్కడం మొదలవుతుంది. అరకు వైపు వెళ్లేటప్పుడు కుడి పక్క సీట్లు పట్టుకోవాలని తెలిసినవాళ్లంతా చెప్పేదే, నేనూ చెబుతున్నాను.

2017లో ఈ రైలుకు తగిలించిన విస్టాడోమ్ పెట్టెలో కూర్చున్నాం. పెద్ద పెద్ద అద్దాలు కనువిందే గాని ఫోటోకు శత్రువులు. సొరంగంలోంచి బయటికి వస్తున్న ప్రతిసారీ అద్దంలో మా చొక్కాలు, మా ముఖాలు, పై దీపాలు కనిపిస్తాయి. దీనికి విరుగుడు కెమెరాను అద్దానికి ఆనించి తీయడమే, అక్కడే నాకు మొదటి ఓటమి ఎదురైంది. సోనీ కటకం (లెన్స్) గొట్టంలా బయటికి సాగుతుంది. కదిలే రైలులో దాన్ని అద్దానికి ఆనిస్తే ప్రతి కుదుపూ లోపలి మోటారు మీద పడుతుందన్న భయంతో అంగుళం దూరంలో పట్టుకోవాల్సి వచ్చింది, ఆ అంగుళంలోంచే ప్రతిబింబం దూరింది. ఒలింపస్ కటకం మొత్తం పెట్టె లోపలే మడతపడి ఉంటుంది, ముందు భాగం చదునైన గాజు. బావమరిది దాన్ని అద్దానికి అదిమిపట్టి, టైడా, చిమిడిపల్లి మధ్య లోయలన్నీ శుభ్రంగా తీసుకున్నాడు. సెన్సర్ పెద్దదైనంత మాత్రాన ఒరిగేదేమీ లేని చోట్లు ఇలాంటివి కూడా ఉంటాయి.

బొర్రా గుహల దగ్గర దిగాం. మనిషికి తీసుకునే టికెట్ కాక కెమెరాకు వేరే టికెట్ తీసుకోవాలి. రెండు కెమెరాలకూ కట్టాం. బయట కోతులు సంచుల మీద కన్నేసి ఉంటాయి కాబట్టి కెమెరా పట్టీ మణికట్టుకు వేసుకోవడం మంచిది. లోపలికి మెట్లు దిగుతుంటే వెలుతురు ఒక్కసారిగా పడిపోతుంది, ఆ పైన ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగు దీపాలు. సున్నపురాతి మీద వేల ఏళ్లుగా నీటిబొట్టు కట్టిన ఆకారాలకు ఆ రంగులెందుకో నాకైతే అర్థం కాదు. రాతి అసలు రంగు ఫోటోలో తెచ్చుకోవాలంటే రా ఫైలుగా, అంటే కెమెరా మార్పులు చేయని ముడి ఫైలుగా, తీసి తర్వాత సరిచేసుకోవడం ఒక్కటే దారి. రెండు కెమెరాలూ రా ఫైళ్లు ఇస్తాయి. సోనీతో ఎఫ్ 1.8 దగ్గర, సెకనులో 15వ వంతు వేగంతో, ఐఎస్‌ఓ (తక్కువ వెలుతురులో ఫోటోను ప్రకాశవంతం చేసే అమరిక) 1600 పెట్టి రెయిలింగ్‌కు మోచేతులు ఆనించి తీసిన ఫోటోలో పైకప్పు నుంచి వేలాడే రాతి మడతలు, వాటి కొసన నీటిబొట్టుతో సహా కనిపించాయి. ఒలింపస్ కటకమూ వెడల్పు దృశ్యంలో ఎఫ్ 2 వరకు తెరుచుకునేదే, అందులోనూ చేతి వణుకును సర్దే ఏర్పాటు ఉంది, అయినా అదే ఐఎస్‌ఓ దగ్గర రాతి గరుకు పోయి మైనం పూసినట్టు వచ్చింది. గుహలో తీసిన నలభై జతల్లో నేను దాచుకోదగ్గవన్నీ సోనీవే.

గుహల నుంచి కటికి జలపాతానికి జీపులో వెళ్లాం. ఆ దారి గురించి ఒక్క మాట చెప్పాలి. బేరం ఆడినప్పుడు రానూపోనూ అని ఒప్పుకున్న మనిషి కింద గంటకు మించి ఆగితే అదనం అన్నాడు. ఆ మాట ముందే అడిగి తేల్చుకోకపోవడం మా పొరపాటు. జీపు పైకప్పు లేనిది, దారి పొడుగునా ఎర్రదుమ్ము. సాగే కటకం ఉన్న కెమెరాలకు నీటికన్నా దుమ్మే పెద్ద గండం. గొట్టం లోపలికీ బయటికీ కదిలినప్పుడల్లా గాలితో పాటు సన్నటి ధూళి లోపలికి చేరుతుంది, అది సెన్సర్ మీద కూర్చుంటే ఆకాశంలో బూడిద చుక్కలా ప్రతి ఫోటోలో కనిపిస్తుంది. పైగా ఇలాంటి కెమెరాకు కటకం ఊడదీసి తుడుచుకునే వీలు లేదు. అందుకే సోనీని బట్టల దుకాణం కవరులో చుట్టి సంచి అడుగున పెట్టాను. బావమరిది నవ్వాడు. "బావా, దానికి జలుబు చేస్తుందేమో, కంబళి కూడా కప్పు" అన్నాడు.

అయితే జలపాతం దగ్గర ఆ కంబళి విప్పక తప్పలేదు. సోనీలో వెలుతురును మూడు స్టాపులు, అంటే ఎనిమిదో వంతుకు, తగ్గించే నల్లద్దం లాంటి ఎన్‌డీ ఫిల్టర్ లోపలే ఉంది. దాన్ని వేసి, కెమెరాను ఒక బండ మీద నిలబెట్టి, షట్టర్‌ను సెకనులో నాలుగో వంతుకు దించితే నీరు పాలధారలా వచ్చింది. టీజీ-6లో షట్టర్ వేగాన్ని మనమే నిర్ణయించే మోడ్ లేదు, కాబట్టి ఆ పని దానితో మన చేతుల్లో ఉండదు. కానీ నేను బండ మీద వంగి, తుంపర పడినప్పుడల్లా కటకం తుడుచుకుంటూ ఒక్క ఫోటోకు ఇరవై నిమిషాలు తిప్పలు పడుతున్నంతసేపూ అతను మోకాలి లోతు నీళ్లలో నిలబడి, పిల్లల మీద పడే నీటిని వాళ్ల ముఖానికి జానెడు దూరం నుంచి తీస్తున్నాడు. కెమెరా సగం నీళ్లలో, సగం బయట. ఇంటికి వచ్చాక అందరూ ముందు అడిగి చూసినవి ఆ ఫోటోలే, నా పాలధారను ఎవరూ అడగలేదు.

అరకులో బస గురించి కొంచెం వివరంగానే రాయాలి, ఎందుకంటే కెమెరాతో తిరిగేవాడికి కావలసిన గది వేరు. రాష్ట్ర పర్యాటక సంస్థ వసతులకు ముందే ఆన్‌లైన్‌లో ప్రయత్నించినా సెలవుల వల్ల దొరకలేదు. చివరికి ఊరి బయట ఒక ప్రైవేటు రిసార్టులో దిగాం. ఆవరణ బాగుంది, తూర్పు వైపు వసారా ఉంది, పొద్దున్నే పొలాల మీద మంచు కనిపిస్తుంది. వేడినీళ్లు మాత్రం ఏడింటికి గాని రావు, ఆ లోపే బయటికి వెళ్లాలనుకునేవాడు చన్నీళ్లకు సిద్ధపడాలి. అంత గదికీ పనిచేసే ప్లగ్ ఒక్కటే, అదీ తలుపు పక్కన. ఇద్దరి ఫోన్లు, రెండు కెమెరాలు వంతులవారీగా రాత్రంతా దానికే తగిలించాం. మరో చిక్కు ఏమిటంటే రెండు కెమెరాలకూ పాతకాలపు మైక్రో యూఎస్‌బీ తీగే కావాలి. తెచ్చుకున్న ఒక్కటీ రైల్లో వదిలేశాం. అరకు బజారులో మొబైల్ దుకాణాయన అరలన్నీ వెతికి, అడుగున దుమ్ము పట్టిన డబ్బాలోంచి "పాత పిన్నుదేనా?" అంటూ ఒకటి తీసి ఇచ్చాడు. టీజీ-6 తర్వాత 2023లో వచ్చిన టీజీ-7లో ఈ బాధ లేదు, ఇప్పటి ఫోన్ల తీగే సరిపోతుంది.

మర్నాడు వలిసె పూల పొలాలు, కాఫీ తోటలు. పసుపు పరుచుకున్న పొలం, వెనక నీలి కొండ. ఆ వెడల్పు దృశ్యంలో రెండు కెమెరాల మధ్య తేడా ఫోన్ తెర మీద చూస్తే తెలియదు, పెద్దది చేసి చూస్తే సోనీ 20 మెగాపిక్సెళ్లలో కొండ మీది చెట్లు విడివిడిగా ఉంటాయి, ఒలింపస్ 12లో పచ్చటి ముద్దగా ఉంటాయి. కాఫీ తోటలో కథ తిరగబడింది. మిరియపు తీగలు ఎగబాకిన సిల్వర్ ఓక్ చెట్ల నీడలో కాఫీ మొక్కల కొమ్మలకు ఎర్రటి పండ్లు గుత్తులుగా ఉన్నాయి. సోనీ ఎంత దగ్గరికి వెళ్లినా కటకానికి అయిదు సెంటీమీటర్ల అవతలే ఆగుతుంది, అదీ జూమ్ చేయనప్పుడు మాత్రమే. ఒలింపస్ మైక్రోస్కోప్ మోడ్‌లో సెంటీమీటరు దూరం దాకా పోతుంది. ఒక పండు కొసన పూవు రాలిపోయిన చోట మిగిలే చిన్న గుండ్రటి ముద్ర, దాని చుట్టూ తిరుగుతున్న చీమ, చీమ వీపు మీద మెరిసే వెలుతురు, అన్నీ ఫోటో నిండా వచ్చాయి. అంత దగ్గరలో కెమెరా నీడే వస్తువు మీద పడుతుంది కాబట్టి, బావమరిది కటకం చుట్టూ తగిలించే చిన్న లైట్ గైడ్ వాడాడు. అది కెమెరా ముందున్న దీపపు కాంతినే గుండ్రంగా పంచుతుంది, వేరే బ్యాటరీ అక్కర్లేదు. మా అమ్మాయి ఆ మధ్యాహ్నమంతా నా కెమెరా ముట్టుకోలేదు.

సాయంత్రం అనంతగిరి వైపు దారిలో ఆగి బొంగులో చికెన్ తిన్నాం. నిప్పుల మీద నల్లబడిన వెదురు బొంగును చీల్చినప్పుడు లేచిన ఆవిరిని తీయబోతే కెమెరాలన్నిటి మీదా బూడిద పడింది. ఒలింపస్‌ను హోటల్ కుళాయి కింద కడిగేశారు. సోనీని నేను రాత్రి బ్రష్‌తో అరగంట తుడిచాను.

పాడేరులో బస పేరుకే బస. వంజంగి మేఘాల కోసం మూడున్నరకే బయటపడాలని రాత్రే చెప్పినా, గేటు తాళం ఉన్న కుర్రాణ్ణి లేపేసరికి నాలుగు దాటింది. అక్కడ దిగేవాళ్లు తాళం సంగతి రాత్రే తేల్చుకోవడం మేలు. కొండ కిందికి వాహనం వెళుతుంది, ఆపైన చీకట్లో టార్చి వెలుగులో ఎక్కాలి. గుడారాల్లో పడుకున్నవాళ్లు మాకన్నా ముందే పైన ఉన్నారు గాని, మంచుకు దుప్పట్లన్నీ తడిశాయని చెప్పారు.

ఆరు దాటాక లోయ నిండా మేఘం తెల్లటి చెరువులా పరుచుకుంది. సూర్యుడు ఎదురుగా. తెర మీద ఏమీ కనబడని ఆ ఎండలో సోనీలో పైకి లేచే, కన్ను ఆనించి చూసే వ్యూఫైండర్ ఎంత విలువైనదో అప్పుడు తెలిసింది, ఒలింపస్‌కు అది లేదు. సూర్యుడి చుట్టూ తెలుపు పేలిపోకుండా, ముందున్న గడ్డి నల్లబడిపోకుండా ఒకే రా ఫైలులోంచి రెండింటినీ రాబట్టగలిగింది సోనీయే. ఒలింపస్ ఫైలులో నీడలను పైకి లేపితే రంగు చుక్కలు తేలాయి. ఇంతలో అమ్మాయి టీజీ-6 పట్టుకుని రాతి మీద నుంచి దిగబోయి జారింది. ఆమెకు మోచెయ్యి గీసుకుంది, కెమెరా నడుం ఎత్తు నుంచి బండ మీద పడి రెండు గంతులు వేసింది. అంచున ఒక గీత తప్ప ఏమీ కాలేదు. నా కెమెరా పడి ఉంటే పిల్లను ఎత్తుకునే ముందు ఎటు చూసేవాణ్ణో చెప్పలేను.

చలికి రెండు బ్యాటరీలూ త్వరగా దిగాయి. లెక్క ప్రకారం సోనీ 320, ఒలింపస్ 340 ఫోటోలు తీయాలి. మాకు ఆ ఉదయం అందులో సగం వచ్చాయి. అదనపు బ్యాటరీ లోపలి జేబులో, ఒంటి వేడికి దగ్గరగా ఉంచుకోవడం వల్ల గట్టెక్కాం. ఒలింపస్ బ్యాటరీ మూత తెరిచేటప్పుడు రబ్బరు అంచు మీద వెంట్రుకో ఇసుక రేణువో లేదని ప్రతిసారీ చూసుకోవాలి. నీరు ఆగేది ఆ అంచు వల్లనే, అది శుభ్రంగా లేకపోతే 15 మీటర్ల మాట మరిచిపోవాలి.

విశాఖ తిరిగొచ్చాక ఎంచిన పన్నెండు ఫోటోలను 12×18 అంగుళాల ప్రింట్లు వేయించాం. ఏడు సోనీవి, అయిదు ఒలింపస్‌వి. గుహ, మేఘాలు, పొలం, సాయంత్రపు వెలుతురులో మా అత్తగారి ముఖం నావి. రైలు లోయ, జలపాతంలో పిల్లలు, కాఫీ పండు మీది చీమ అతనివి. రోజూ ఇంట్లో, గుడిలో, పెళ్లిళ్లలో తీసుకోవడానికి నాకు సోనీయే కావాలి, రాత్రి దీపాల కింద దానికి ఒలింపస్ సాటి రాదు. కొండలు, నీళ్లు, పిల్లలు కలిసిన ప్రయాణానికి ఒక్కటే తీసుకెళ్లమంటే ఇప్పుడైతే ఒలింపస్ తీసుకెళతాను, బొర్రా గుహ ఫోటోలు పోయినా సరేనని. బావమరిదికి జనవరిలో గృహప్రవేశం ఉంది, నా కెమెరా అడిగి పట్టుకెళ్లాడు. అతనిది మా ఇంట్లో ఉంది, పాత పిన్ను తీగతో సహా. వానాకాలం వెళ్లేదాకా తిరిగి ఇవ్వనని చెప్పాను.