మే నెలాఖరుకు అండమాన్ ప్యాకేజీ కొంటున్నారా? అడ్వాన్సు కట్టేముందు ఇది చదవండి

పిల్లల బడులు జూన్ రెండో వారంలో తెరుస్తారు కాబట్టి మన ఇళ్లలో వేసవి ప్రయాణాలు చాలావరకు మే చివరికే పడతాయి. మేమూ అలాగే పెట్టుకున్నాం. అమ్మ, నేను, నా భార్య, ఇద్దరు ఆడపిల్లలు. అయిదు రాత్రులు, ఆరు రోజులు. విమానం టికెట్లు కాక 1,12,000 రూపాయలు. మూడేళ్లుగా కూడబెట్టిన డబ్బులో సగానికి పైగా వృథాగా పోయింది. ఇంకో కుటుంబానికి ఈ గతి పట్టకూడదని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

ఏజెంటు పేరు ఇక్కడ రాయను, ఫిర్యాదు ఇంకా నడుస్తోంది. పేరు కన్నా ఆయన వాడిన మాటలు మీకు ఎక్కువ పనికొస్తాయి. రేపు ఇంకొకరు మీకూ అవే మాటలు చెబుతారు.

"వానలు జూన్‌లో కదండీ, మీరు మే నెలలోనే తిరిగి వచ్చేస్తారు." వినడానికి సబబుగానే ఉంది. మనకు తెలిసిన లెక్క కూడా అదే. జూన్ 1 ప్రాంతంలో కేరళకు, తర్వాత కొద్ది రోజులకు మన వైపుకు. కానీ నైరుతి ఋతుపవనాలు కేరళ కన్నా ముందు అండమాన్‌కు చేరతాయి, మామూలుగా మే మూడో వారంలోనే. ఏటా పత్రికల్లో ఆ వార్త చదువుతూనే ఉన్నాను. ఇక్కడి ఎండలు ఎప్పుడు తగ్గుతాయా అని చూసుకున్నానే తప్ప, అదే సముద్రం మీద అదే వారం నేను పిల్లలతో పడవ ఎక్కబోతున్నానని ఆలోచించలేదు. నాకు తట్టలేదు సరే, ఏళ్లుగా అదే వ్యాపారంలో ఉన్న మనిషికి తెలియదంటే నమ్మను.

మే 26న శ్రీ విజయపురంలో దిగాం. 2024 వరకు దాని పేరు పోర్ట్ బ్లెయిర్. మర్నాడు పొద్దున హేవ్‌లాక్ దీవికి వెళ్లే పడవ రద్దయింది. ఆ మర్నాడూ అంతే. గాలి హెచ్చరిక ఉన్నప్పుడు పడవలు ఆపేస్తారు, ఆపాలి కూడా. దాని మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. జెట్టీ దగ్గర టీ కొట్టు నడిపే ఒక పెద్దావిడ మా మాటలు విని తెలుగులోనే పలకరించారు. తాతల కాలంలో శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబమట. "ఈ రోజుల్లో సముద్రం ఇలాగే ఉంటుంది నాయనా. చిన్నపిల్లలతో ఇప్పుడెవరు పంపారు మిమ్మల్ని?" అన్నారు. ఊళ్లో టీ అమ్ముకునే మనిషికి తెలిసిన సంగతిని, లక్ష రూపాయలు తీసుకున్న మనిషి చెప్పలేదు.

అదనంగా ఉన్న రెండు రాత్రులకు గదుల అద్దె మేమే కట్టుకున్నాం. హేవ్‌లాక్‌లో మాకోసం తీసి ఉంచిన గదుల డబ్బు తిరిగి రాదన్నారు. ఒప్పందం కాగితం మూడో పేజీలో "వాతావరణం వల్ల జరిగే మార్పులకు మా బాధ్యత లేదు" అని చిన్న అక్షరాల్లో ఉంది. సరే అనుకున్నాను. అసలు మోసం పడవ టికెట్ల దగ్గర బయటపడింది. కౌంటరులో అడిగితే, కంపెనీయే పడవ రద్దు చేసింది కాబట్టి టికెట్టు డబ్బు మొత్తం వెనక్కి ఇచ్చేశామన్నారు. ఎవరికి ఇచ్చారు? బుక్ చేసిన ఖాతాకు, అంటే ఏజెంటుకు. ఆయన మాత్రం నాకు ఫోనులో "టికెట్టు డబ్బు రాదండీ" అని రెండుసార్లు చెప్పారు. అయిదుగురి టికెట్లు సుమారు 8,000 రూపాయలు. మొత్తంలో అది చిన్నదే కావచ్చు, కానీ నా చేతికి రావలసిన డబ్బు దగ్గర పెట్టుకుని లేదన్న మనిషిని ఇక ఏ విషయంలో నమ్మాలి?

మూడో రోజు పడవ నడిచింది. నీల్ దీవి ఎలాగూ పోయింది, హేవ్‌లాక్‌లో ఒక్క రాత్రి దొరికింది. తేదీలు మారాయని ఆ రాత్రికి మళ్లీ డబ్బు కట్టించుకున్నారు. దీవుల పేర్ల విషయం కూడా ఇక్కడే చెప్పాలి. 2018 డిసెంబరులో హేవ్‌లాక్‌ను స్వరాజ్ ద్వీప్ అని, నీల్‌ను షహీద్ ద్వీప్ అని, రాస్ దీవిని నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీప్ అని మార్చారు. మా కాగితంలో హేవ్‌లాక్, స్వరాజ్ ద్వీప్ వేర్వేరు వరుసల్లో ఉన్నాయి. రెండు దీవులు చూస్తామని అమ్మ అనుకుంది. రెండూ ఒకటే.

"సముద్రానికి ఎదురుగా గది" అన్నారు, అది నిజమే. విజయనగర్ బీచ్, దీవికి తూర్పు ఒడ్డు. మాది ఖమ్మం, మాకు తెలిసిన సముద్రం సూర్యలంక. ఏ వేళకు వెళ్లినా అక్కడ కాళ్ల కింద మెత్తటి ఇసుక, ముందు అల ఉంటాయి. పొద్దున పదింటికి చిన్నమ్మాయి నడుముకు గాలి ట్యూబు వేసుకుని పరుగెత్తింది. ఒడ్డున నీళ్లు లేవు. నీరు తీసేసిన చోటంతా నల్లటి రాళ్లు, చచ్చిన పగడాల ముక్కలు, పాదం దిగబడే బురద. సముద్రం ఎక్కడో దూరాన తెల్లటి గీతలా ఉంది. ట్యూబు అలాగే పట్టుకుని పది అడుగులు వేసింది, పగడం ముక్క గుచ్చుకుని మడమ చీరుకుంది. నా భార్య చున్నీ చింపి కట్టు కట్టింది. అక్కడ పోటుకూ ఆటుకూ తేడా సుమారు రెండు మీటర్ల దాకా ఉంటుంది. పౌర్ణమి, అమావాస్యల దగ్గర ఎక్కువ. ఒడ్డు పల్లంగా, రాతి నేలగా ఉన్నచోట నీరు తీస్తే ఈదడానికి ఏమీ మిగలదు. మాకు పంపిన ఫోటోలు నీరు నిండుగా ఉన్న వేళ, జనవరి ఎండలో తీసినవి.

సాయంత్రం రాధానగర్ వెళ్లాం. చాలా అందమైన తీరం, ఆ మాట దాచను. కానీ అది పడమటి ఒడ్డు. నైరుతి గాలి నేరుగా దాని మీదికే కొడుతుంది. ఎర్ర జెండాలు పాతారు. ఎవరు మోకాళ్ల లోతు దాటినా కాపలా వాళ్లు ఈల వేసి వెనక్కి పిలుస్తున్నారు. ఆ దీవుల్లో ఉప్పునీటి మొసళ్లు కూడా ఉన్నాయి. 2010లో రాధానగర్ దగ్గరే ఒక పర్యాటకురాలు మొసలి దాడిలో చనిపోయారు. కాబట్టి అక్కడి వాళ్లు వద్దన్న నీటిలో దిగకండి. ఇంకో సంగతి, అక్కడ చీకటి త్వరగా పడుతుంది. గడియారం మనదే అయినా దీవులు మనకు చాలా తూర్పున ఉన్నాయి. ఆరు దాటితే బీచ్ చూడటం కుదరదు. మధ్యాహ్నం రెండింటికి బయల్దేరదీసే డ్రైవరు వల్ల మీ రోజంతా పోయినట్టే.

మా హోటల్లోనే గుంటూరు కుటుంబం ఒకటి కనిపించింది. వాళ్ల ప్యాకేజీలో చివరి రాత్రి హేవ్‌లాక్‌లో, మర్నాడు పొద్దున పడవ, మధ్యాహ్నం విమానం. పడవ రద్దయి విమానం పోయింది. అందరికీ అప్పటికప్పుడు టికెట్లు కొన్నారు. చివరి రాత్రి శ్రీ విజయపురంలో లేని ప్యాకేజీని ఏ కాలంలోనూ కొనకండి. వానాకాలం అయిపోయిందిలే అనుకోవద్దు. 2016 డిసెంబరులో తుపాను గాలులకు హేవ్‌లాక్, నీల్ దీవుల్లో వెయ్యి మందికి పైగా పర్యాటకులు చిక్కుకుపోతే నౌకాదళం వెళ్లి తీసుకురావలసి వచ్చింది. మొత్తం మీద జనవరి నుంచి ఏప్రిల్ వరకు అక్కడ సముద్రం నెమ్మదిగా ఉంటుంది. సంక్రాంతి సెలవులకు ధర ఎక్కువ చెబుతారు, అయినా పిల్లలతో వెళ్లేవాళ్లకు నా సలహా అదే.

ఇది అండమాన్ ఒక్కదాని సంగతి కాదు. వచ్చాక కూర్చుని మిగతా దీవుల గురించీ చదివాను. థాయ్‌లాండ్‌లో ఫుకెట్, క్రాబీ అండమాన్ సముద్రం వైపున్నాయి, అక్కడ మే నుంచి అక్టోబరు వరకు వానలు. కో సముయి అదే దేశంలో రెండో వైపు, దానికి భారీ వానలు అక్టోబరు నుంచి డిసెంబరు వరకు. శ్రీలంక పడమటి, దక్షిణ తీరాలకు డిసెంబరు నుంచి మార్చి మంచిది, తూర్పున ట్రింకోమలీకి మే నుంచి సెప్టెంబరు. బాలిలో మనకు చలికాలమైన నెలలే వానాకాలం. మాల్దీవుల ప్యాకేజీ చవకగా కనిపిస్తే విమానాశ్రయం నుంచి దీవికి పడవ ఖర్చో, సీప్లేన్ (నీటి మీద దిగే చిన్న విమానం) ఖర్చో అందులో ఉందో లేదో అడగండి. సీప్లేన్లు పగటి పూటే ఎగురుతాయి. మీ విమానం రాత్రి దిగితే ఆ రాత్రి బస మీ ఖర్చే. ఏ దీవికైనా ఏ ఒడ్డు, ఏ నెల, నీరు ఏ వేళకు నిండుతుంది అన్నవి అడగండి. జవాబులు వాట్సాప్‌లో రాయించుకోండి, ఫోను మాట తర్వాత నిలవదు. పడవ టికెట్లు మీ పేరున, మీ ఖాతా నుంచే కొనండి.

నేను ముందు 1915 వినియోగదారుల హెల్ప్‌లైనుకు ఫోన్ చేశాను. ఆ తర్వాతే టికెట్ల డబ్బు నా ఖాతాలో పడింది. మిగతా దానికి జిల్లా వినియోగదారుల కమిషన్‌లో వేశాను. 2019 చట్టం ప్రకారం మనం ఉండే జిల్లాలోనే వేయవచ్చు, 5 లక్షల లోపు అయితే రుసుము లేదు. పడవ రద్దయినట్టు వచ్చిన సందేశం, హోటల్ రసీదులు, ఏజెంటు పంపిన ఫోటోలు, బీచ్‌లో మేం తీసిన ఫోటోలు అన్నీ జతచేశాను.

దసరా సెలవులకు ఇప్పటికే అడ్వాన్సు కట్టినవాళ్లు ఈ రోజే ఫోన్ చేసి, పడవ రద్దయితే డబ్బు ఎవరి ఖాతాకు వస్తుందో, చివరి రాత్రి ఎక్కడో అడగండి. అక్టోబరులోనూ అక్కడ వానలు పడుతూనే ఉంటాయి.