ఒక్క పాత గార్డెన్ ట్రాక్టరే కొనాలంటే: వీల్ హార్స్, కబ్ క్యాడెట్, జాన్ డీర్‌లలో ఏది మేలు?

మాది ఒహాయోలో రెండున్నర ఎకరాల స్థలం. అందులో రెండెకరాల దాకా గడ్డే. ఇంటి వెనక 40 అడుగుల పొడవు, 30 అడుగుల వెడల్పున కూరగాయల మడి ఉంది. గోంగూర, బెండ, వంగ, ఆనప వేస్తాం. రోడ్డు నుంచి గ్యారేజీ దాకా 300 అడుగుల డ్రైవ్‌వే. ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా గడ్డి కోయాలి, మే నెలలో మడి దున్నాలి, చలికాలంలో మంచు తోయాలి, మధ్యమధ్యలో మల్చ్, కట్టెలు లాక్కురావాలి. షెడ్డులో ఒక్క బండికే చోటు. కాబట్టి ఈ నాలుగు పనులూ ఆ ఒక్కటే చెయ్యాలి.

మొదట అందరిలాగే పెద్ద దుకాణంలో కొత్త లాన్ ట్రాక్టర్ కొన్నాను. గడ్డి బాగానే కోసింది. మూడో ఏడు దాని వెనక మట్టి గుల్ల చేసే పరికరం తగిలించి మడిలో తిప్పాను, ఆ చలికాలంలో బండి ముందు బ్లేడు పెట్టి మంచు తోశాను. వసంతం వచ్చేసరికి చిన్న ఎత్తు కూడా ఎక్కలేకపోయింది. దాని ట్రాన్స్‌మిషన్ ఇంట్లో విప్పి బాగుచేసుకునే రకం కాదు, మొత్తం మార్చాల్సిందే. అప్పుడు తెలిసింది, లాన్ ట్రాక్టర్ వేరు, గార్డెన్ ట్రాక్టర్ వేరని. మొదటిది గడ్డి కోయడానికి, తేలికపాటి బండి లాగడానికి. రెండోది నేలలోకి దిగే పనిముట్లను లాగడానికి. బరువైన ఫ్రేము, పోత ఇనుముతో చేసిన వెనక గేర్‌బాక్సు, పెద్ద వెనక టైర్లు దాని గుర్తులు. ఇప్పుడు కొత్త గార్డెన్ ట్రాక్టర్ కొనాలంటే చాలా డబ్బు. 1960ల నుంచి 1990ల మొదటి దాకా అమెరికాలో తయారైనవి మాత్రం ఇప్పటికీ పల్లెల్లో, వేలాల్లో, పాత రైతుల కొట్టాల్లో దొరుకుతూనే ఉన్నాయి.

ఒక చలికాలమంతా చదివి, నడిపి చూసి, చివరికి మూడింటి దగ్గర ఆగాను. 1970ల నాటి వీల్ హార్స్ సి సిరీస్, ఇంటర్నేషనల్ హార్వెస్టర్ కాలపు కబ్ క్యాడెట్, జాన్ డీర్ 318. సింప్లిసిటీ, బోలెన్స్, కేస్, గ్రేవ్లీ కూడా మంచి బళ్లే. కానీ మా చుట్టుపక్కల పనిముట్లతో సహా తరచుగా కనిపించినవి ఈ మూడే.

నమ్మకమైన బండి అంటే ఎప్పుడూ చెడిపోనిదని అనుకునేవాణ్ణి. నలభై, యాభై ఏళ్ల యంత్రం చెడిపోకుండా ఎలా ఉంటుంది? చెడిపోతే శనివారం ఉదయం నేనే విప్పగలనా, ఆ విడిభాగం వారంలో ఇంటికి వస్తుందా, దాని ధర బండి ధరలో ఎంత? నేను వెతికిన నమ్మకం ఇదే. మూడు బళ్లనూ ఈ లెక్కతోనే చూశాను.

జాన్ డీర్ 318 నడిపిన వాళ్లెవరికైనా దాని మీద మనసు పోతుంది. విస్కాన్సిన్‌లోని హొరికాన్‌లో 1983 నుంచి 1992 దాకా తయారైంది. 18 హెచ్‌పీ ఓనాన్ ఇంజన్, రెండు సిలిండర్లు ఒకదానికొకటి ఎదురుగా పడుకుని ఉంటాయి. అందుకే వణుకు తక్కువ. పవర్ స్టీరింగ్ ఉంది. డెక్ (బండి కింద గడ్డి కోసే బ్లేడ్లుండే పెట్టె) ఎత్తడానికి, ముందు బ్లేడును పక్కకు తిప్పడానికి హైడ్రాలిక్ లివర్లు ఉన్నాయి. గేర్లకు బదులు నూనె ఒత్తిడితో చక్రాలు తిప్పే హైడ్రోస్టాటిక్ డ్రైవ్ (హైడ్రో) కాబట్టి క్లచ్ తొక్కే పని లేదు. లివర్ ముందుకు తోస్తే ముందుకు, వెనక్కి లాగితే వెనక్కి. 46 అంగుళాల డెక్ గానీ 50 అంగుళాలది గానీ ఉంటుంది. మంచు తోసేటప్పుడు నిమిషానికి నాలుగుసార్లు ముందుకీ వెనక్కీ వెళ్లాలి. ఆ పనిలో 318 ముందు మిగతా రెండూ నిలవవు. భుజం నొప్పి, నడుం నొప్పి ఉన్నవాళ్లు ఇంకో ఆలోచన లేకుండా దీన్నే చూడాలి.

నేను మాత్రం ఇంజన్ దగ్గర ఆగిపోయాను. ఓనాన్ ఆ ఇంజన్ల తయారీ ఎప్పుడో ఆపేసింది. ఇంజన్ గట్టిదే, అందులో సందేహం లేదు. కానీ చుట్టూ రేకు కవచం ఉంటుంది, దాని కింద చల్లబరిచే రెక్కల్లో గడ్డి, నూనె కలిసి పేరుకుంటే పైనుంచి కనపడదు. వేడెక్కి లోపల దెబ్బతిన్నాక గానీ తెలియదు. అప్పుడు అసలు విడిభాగాల ధర చూస్తే గుండె జారుతుంది. ట్రాక్టర్ మిగతా భాగాల సంగతి వేరు. జాన్ డీర్ చాలావాటిని ఇంకా అమ్ముతోంది, బొమ్మలతో సహా విడిభాగాల పట్టికలు ఆన్‌లైన్లో పెట్టింది. ఈ విషయంలో మిగతా ఇద్దరికన్నా ఆ కంపెనీ ఒక మెట్టు పైనే. ఇంజన్ ఒక్కటే టెన్షన్.

ఇక్కడే ఒక జాగ్రత్త చెప్పాలి. 318కి ముందు వచ్చిన 317 చూడటానికి దాదాపు ఇలాగే ఉంటుంది, ధరా తక్కువే ఉంటుంది. అందులో ఉన్నది కోహ్లర్ కేటీ17 ఇంజన్. ఆ ఇంజన్ మొదటి రకంలో పిస్టన్లను క్రాంక్ షాఫ్టుకు కలిపే కనెక్టింగ్ రాడ్లకు నూనె సరిగా అందక విరిగిపోవడం పేరుమోసిన లోపం. తర్వాతి రకంలో సరిచేశారు. కాబట్టి ఇంజన్ మీది పలకలో ఏ రకమో చదవకుండా 317కి డబ్బు ఇవ్వకండి.

కబ్ క్యాడెట్ కథ వేరు. ఇంటర్నేషనల్ హార్వెస్టర్ కంపెనీ 1960ల మొదట్లో కెంటకీలోని లూయివిల్‌లో వీటిని మొదలుపెట్టింది. తమ పొలం ట్రాక్టర్లలో చిన్నదైన ఫార్మాల్ కబ్ గేర్లనే ఆధారం చేసుకుని వెనక గేర్‌బాక్సు తయారుచేసింది. 1981లో ఆ విభాగాన్ని ఎంటీడీ అనే ఇంకో కంపెనీకి అమ్మేసింది. పాత కబ్‌లో ఇంజన్ నుంచి వెనక్కి శక్తి వెళ్లేది బెల్టు మీద కాదు, షాఫ్టు మీద. దున్నే పనికి ఇది గొప్ప గుణం. జారే బెల్టే లేదు కాబట్టి ఇంజన్ బలం అంతా చక్రాలకే వెళ్తుంది. స్లీవ్ హిచ్‌కి (బండి వెనక పనిముట్లు తగిలించే కొక్కేనికి) బ్రిన్లీ కంపెనీ నాగలి తగిలించి వీటితో చెక్కలాంటి బంకమట్టిని తిరగేసేవాళ్లను చూశాను. చాళ్లు తీరుగా, లోతుగా పడ్డాయి. అది చూసిన రోజు ఇదే కొనేద్దామనుకున్నాను.

1971 నుంచి 1974 దాకా వచ్చిన వాటిలో నంబరు చూస్తేనే బండి ఏమిటో తెలుస్తుంది. 128 అంటే 12 హెచ్‌పీ గేర్ బండి, 129 అంటే అదే బలంతో హైడ్రో, 149 అంటే 14 హెచ్‌పీ హైడ్రో. చివర 8 ఉంటే గేరు, 9 ఉంటే హైడ్రో. వీటిలో స్టార్టరూ జనరేటరూ ఒకే యంత్రం. ఇంజన్ని తిప్పేదీ అదే, తిరిగాక బ్యాటరీకి ఛార్జి ఇచ్చేదీ అదే. 1974 తర్వాత వచ్చిన క్వైట్ లైన్ బళ్లలో ఇంజన్ని రబ్బరు మౌంట్ల మీద కూర్చోబెట్టారు. చప్పుడు తగ్గింది, కానీ ఏళ్ల తరబడి ఆ రబ్బరు కుంగి ఇంజన్, షాఫ్టు వరస తప్పుతాయి. అందుకని నా ఓటు 1974కి ముందువాటికే.

షాఫ్టు మంచిదే, కానీ దానికీ ఒక మూల్యం ఉంది. గేర్ బండిలో క్లచ్ పలక అరిగితే అది ఫ్రేము మధ్యలో, షాఫ్టు మీదే ఉంటుంది. అక్కడికి చేరాలంటే బండిని సగం విప్పాలి. మంచి గ్యారేజీ, తీరిక ఉన్నవాళ్లకు అది సరదా పనే. పని దినాల్లో ఆఫీసు, శనివారం పిల్లల క్లాసులు ఉన్న నాలాంటి వాడికి రెండు వారాంతాలు పోతాయి. ఆ రెండు వారాల్లో గడ్డి మోకాలి దాకా పెరుగుతుంది.

వీల్ హార్స్ దగ్గరికి చివర్న వెళ్లాను. ఇండియానాలోని సౌత్ బెండ్‌లో పాండ్ కుటుంబం మొదలుపెట్టిన కంపెనీ. 1974లో అమెరికన్ మోటార్స్ చేతికి, 1986లో టోరో చేతికి వెళ్లింది. పాత మాన్యువళ్లు టోరో వెబ్‌సైట్లో ఇప్పటికీ ఉచితంగా దొరుకుతాయి. సి సిరీస్‌లో అంకె చూస్తే బలం తెలుస్తుంది. సి-120 అంటే 12 హెచ్‌పీ, సి-160 అంటే 16. ఎక్కువ బళ్లలో ఎనిమిది స్పీడ్ల గేర్‌బాక్సు ఉంటుంది. మూడు ముందు గేర్లు, ఒక రివర్సు, వాటికి హై, లో రెండు వరసలు. ఇంజన్ నుంచి గేర్‌బాక్సుకి ఒక్క బెల్టు. పెడల్ తొక్కితే బెల్టు వదులవుతుంది, అదే క్లచ్. అదే పెడల్ ఇంకా కిందికి తొక్కితే బ్రేకు. చూడటానికి ఇంత సాదా ఏర్పాటా అనిపిస్తుంది. కానీ బెల్టు అరిగితే కొత్తది కొని, సాయంత్రం టీ తాగే లోపు మార్చుకోవచ్చు. గేర్‌బాక్సులో మామూలు గేర్ ఆయిల్ పోస్తే చాలు.

ఇంజన్ విషయానికి వస్తే, సి-120లోనూ కబ్ 128, 129లలోనూ ఉన్నది ఒకే కుటుంబం. కోహ్లర్ కే301, 12 హెచ్‌పీ, పోత ఇనుము, ఒక్క సిలిండర్. 10 హెచ్‌పీది కే241, 14ది కే321, 16ది కే341. ఇన్ని బ్రాండ్లు ఇన్ని ఏళ్లు వాడాయి కాబట్టి పిస్టన్, రింగులు, గాస్కెట్లు, పాయింట్లు (నిప్పురవ్వ పుట్టించే విద్యుత్ స్విచ్), కార్బ్యురేటర్ అన్నీ ఇప్పటికీ కొత్తవి తయారవుతున్నాయి. పాయింట్ల మధ్య ఎడం అంగుళంలో 0.020 వంతు, సందు కొలిచే పలచటి రేకులతో (ఫీలర్ గేజీ) పది నిమిషాల పని. సిలిండర్ అరిగితే లోపలి గోడ చెక్కించి (బోరింగ్) మళ్లీ కొత్తదానిలా వాడుకోవచ్చు. 318 మీద నుంచి నా చూపు మరలడానికి అసలు కారణం ఈ ఇంజనే.

దీనికీ లోపాలున్నాయి, దాచను. ఆయిల్ పంపు లేదు. రాడ్డు చివరి చిన్న గరిటె నూనెను చిమ్మి లోపల తడుపుతుంది. నూనె తగ్గినా, నిటారు వాలు మీద ఎక్కువసేపు వంగి నడిచినా రాడ్డు ఎండిపోతుంది. అందుకే ప్రతిసారీ స్టార్ట్ చేసే ముందు డిప్‌స్టిక్ చూడాలి. ఇంకోటి, పెద్ద కే ఇంజన్లు చాలావాటిలో వణుకు తగ్గించడానికి లోపల బ్యాలెన్స్ గేర్లు పెట్టారు. ఎప్పుడైనా అవి విరిగితే ఇంజన్ గోడనే బద్దలు చేస్తాయి. అందుకని రీబిల్డ్ చేసేటప్పుడు చాలామంది వాటిని తీసేసి బయట పెడతారు. వణుకు కాస్త పెరుగుతుంది, ప్రమాదం పోతుంది.

ఇంట్లో వాదన గేరా, హైడ్రోనా అన్న దగ్గర తెగలేదు. ఆ ఎండాకాలం గుంటూరు జిల్లా నుంచి మా నాన్నగారు వచ్చి ఉన్నారు. ఊళ్లో ఇరవై ఏళ్లు ట్రాక్టర్ నడిపిన మనిషి. "గేరు బండి తీసుకో నాన్నా, లోపల ఏం జరుగుతుందో కాలికి తెలుస్తుంది" అన్నారు. మా ఆవిడేమో "గడ్డి కోసేది నేను. చెట్టు దగ్గరికి వచ్చిన ప్రతిసారీ ఆపి గేరు మార్చమంటారా మామయ్యా?" అంది. ఇద్దరి మాటా నిజమే. మా యార్డులో చెట్లు అంచుల్లోనే ఉన్నాయి, మధ్యంతా మైదానం. ఒక గేర్లో పడేస్తే పొడుగునా పోవచ్చు. ఆవిడ ఒక అమ్మకందారు దగ్గర సి-120 ఎక్కి ఇరవై నిమిషాలు తిప్పి చూసింది. "సరే, కానీ మంచు మీరే తోయాలి" అని ఒప్పుకుంది. మీ స్థలం నిండా చెట్లూ పూలమడులూ ఉంటే నా సలహా తిరగేసుకోండి. కబ్ 129 తీసుకోండి. బ్రేకు తొక్కితే హైడ్రో లివర్ దానంతట అదే న్యూట్రల్‌కి వస్తుంది, కొత్తవాళ్లకు అది పెద్ద ధైర్యం.

ఏ బండికైనా ధర కట్టే ముందు పనిముట్లు చూడండి. ఒక కంపెనీ డెక్ ఇంకో కంపెనీ బండికి పట్టదు, ఒకే కంపెనీలో కూడా అన్నీ అన్నిటికీ పట్టవు. బండి చవగ్గా కొని డెక్ ఒకచోట, బ్లేడు ఒకచోట, టిల్లర్ (మట్టి గుల్ల చేసే పరికరం) ఇంకోచోట వెతికితే ఆ మూడింటికి పెట్టేది బండి ధరను దాటుతుంది. డెక్, బ్లేడు, చెయిన్లు, వీల్ బరువులు కలిపి అమ్మే ముసలి రైతు దొరికితే కాస్త ఎక్కువైనా ఇచ్చేయండి. బరువులు, చెయిన్లు లేకుండా మంచులో ఇవేవీ కదలవు.

చూడ్డానికి వెళ్లేటప్పుడు ఇంజన్ ముందుగా స్టార్ట్ చేసి ఉంచవద్దని ఫోన్లోనే చెప్పండి. వెళ్లగానే ఇంజన్ మీద చెయ్యి పెట్టండి, చల్లగా ఉండాలి. చల్లటి ఇంజన్ ఎలా స్టార్ట్ అవుతుందన్నదే దాని అసలు ఆరోగ్యం. వేడెక్కాక కూడా నీలం పొగ వస్తుంటే రింగులు పోయినట్టు. క్రాంక్‌కేస్ (ఇంజన్ కింది పెట్టె) గోడ మీద, బద్దలైతే అతికిన వెల్డింగ్ మచ్చ ఉందేమో చూడండి. గేర్‌బాక్సు నూనె డిప్‌స్టిక్‌తో తీసి చూస్తే పాలలా తెల్లగా ఉందంటే లోపలికి నీళ్లు వెళ్లాయి. బయట వానలో ఉంచిన వీల్ హార్స్‌లకు గేరు రాడ్డు దగ్గరి రబ్బరు తొడుగు చిరిగి ఇలా అవుతుంది. హైడ్రో బండైతే పావుగంట నడిపి, నూనె బాగా వేడెక్కాక ఎత్తు ఎక్కించి చూడండి. చల్లగా ఉన్నప్పుడు అన్నీ ఎక్కుతాయి.

ఇంకో మాట, ఇది మాత్రం గట్టిగా చెప్తాను. మనవాళ్లకు పిల్లల్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని ట్రాక్టర్ మీద ఒక రౌండు తిప్పడం ముచ్చట. పాత బళ్లలో చాలావాటికి సీటు స్విచ్ ఉండదు, మనిషి పడిపోయినా గడ్డి కోసే బ్లేడ్లు తిరుగుతూనే ఉంటాయి. బోల్తా పడితే కాపాడే చట్రమూ లేదు. పిల్లల్ని ఎక్కించకండి, బ్లేడు ఆగి ఉన్నా సరే. వాలు మీద అడ్డంగా కాకుండా ఎక్కుతూ దిగుతూ కోయండి.

నేను కొన్నది సి-120. దానితో పాటు 42 అంగుళాల డెక్, 48 అంగుళాల బ్లేడు, చెయిన్లు వచ్చాయి. టిల్లర్ ఇంకా దొరకలేదు. ఈ ఏడుకి స్లీవ్ హిచ్ తగిలించి పాత బ్రిన్లీ నాగలితో, లో వరసలోని మొదటి గేర్లో మడి దున్నాను. మొదటి చాలు నాన్నగారే తీశారు.