ఐదేళ్ల వాడకం తరువాత నా మొదటి రీలు: ఆలస్యంగా గాలం పట్టిన చేతికి డ్రాగ్ చేసిన మేలు

అంతకుముందు ఒక్కసారైనా గాలం నీళ్లలో వేసి ఎరుగని నేను, అరవై రెండో ఏట ఒక ఏడడుగుల రాడ్డూ దానికి తగిన, గాలపు దారం చుట్టి ఉంచే స్పిన్నింగ్ రీలూ కొనుక్కున్నాను. అవి నా దగ్గరకు వచ్చి ఐదేళ్లు నిండాయి. అనారోగ్యం వల్ల ఆగిపోయిన నెలలు తీసివేసినా, వారానికి రెండు పూటల చొప్పున నాలుగు వందల పైచిలుకు పూటలు ఆ రీలు నా చేతిలో తిరిగింది. గేరు నిష్పత్తి, బేరింగుల సంఖ్య, బరువు వంటివి పెట్టె మీదే రాసి ఉంటాయి కనుక వాటి జోలికి పోను. నేను చెప్పదలచుకున్నది రీలు ముందు భాగంలో ఉండే ఒక చిన్న గుండ్రటి మర గురించి, అంటే డ్రాగ్ గురించి. ఈ వయసులో ఈ పని నాకు పట్టుబడిందంటే అందులో పెద్ద వాటా దానిదే అని నా నమ్మకం.

రీళ్లలో ప్రధానంగా రెండు రకాలున్నాయి. విసిరినప్పుడు దారం చుట్టి ఉండే కండె, అంటే స్పూలు, తానే గిరగిరా తిరిగి దారం వదిలే రకం ఒకటి. బొటనవేలితో దాన్ని అదుపు చేయడం రాకపోతే దారమంతా స్పూలు మీదే చిక్కుపడి కూర్చుంటుంది. స్పూలు కదలకుండా ఉండి, దారం దాని అంచు మీదుగా చుట్టలు చుట్టలుగా జారిపోయే రకం రెండోది, నా స్పిన్నింగ్ రీలు ఇదే. 1905లో ఇంగ్లండులో బట్టల మిల్లుల వ్యాపారి ఇల్లింగ్‌వర్త్ పేటెంటు పొందిన రీలును నేటి ఈ రెండో రకానికి మూలంగా చెబుతారు. విసరడం ఒక్క పూటలో వచ్చేస్తుంది కాబట్టి కొత్తవారికి అందరూ దీన్నే సూచిస్తారు, నాకూ దీన్నే సూచించారు. అయితే విసరడం సులువు కావడం ఒక ఎత్తు, చేప పడ్డాక ఏం చేయాలన్నది మరొక ఎత్తు. ఆ రెండోదాని గురించి కొనేటప్పుడు నాకెవరూ చెప్పలేదు.

చిన్నప్పటినుంచీ గాలం వేసినవారికి చేప గుంజిన క్షణాన చేయి తనంతట తానే సడలుతుంది. ఎంత లాగాలో, ఎప్పుడు వదలాలో వారి మణికట్టుకు తెలుసు. అరవై దాటాక మొదలుపెట్టినవారికి ఆ ఒడుపు రావడానికి ఏళ్లు పడుతుంది, పైగా నా వంటివారికి ఆ మణికట్టే నొప్పి పెడుతూ ఉంటుంది. చేప గుంజగానే నాకు తోచేది ఒక్కటే, ఊపిరి బిగబట్టి రాడ్డును గట్టిగా పట్టుకోవడం. అలా పట్టుకున్నా దారం తెగకుండా కాపాడేది డ్రాగ్. స్పూలును ఇరుసుకు పట్టి ఉంచేది ఒకదాని మీద ఒకటి పేర్చిన కొన్ని వాషర్లు. వాటిలో కొన్ని ఇరుసుతోనూ మిగిలినవి స్పూలుతోనూ కలిసి ఉంటాయి, ముందున్న మరను బిగించినకొద్దీ అవి ఒకదానికొకటి ఒత్తుకుంటాయి. చేప లాగే బలం ఆ ఒరిపిడిని మించగానే స్పూలు జారి దారం వదులుతుంది, బలం తగ్గగానే మళ్లీ పట్టుకుంటుంది.

ఇది నాకు అనుభవంలోకి వచ్చింది మొదటి ఏడాది నాలుగో నెలలో. తెల్లవారుజామున ఎర వేసి కూర్చున్నాను. రాడ్డు ఒక్కసారిగా వంగింది, ఆ వెంటనే రీలు కిర్రుమని మోగడం మొదలైంది. అంతవరకు నాకు పడినవన్నీ అరచేతిలో ఇమిడే చేపలే కావడంతో ఆ చప్పుడు నేనెన్నడూ వినలేదు. కంగారుగా హ్యాండిల్ తిప్పడం మొదలుపెట్టాను. తిప్పుతున్నానే కానీ దారం లోపలికి రావడం లేదు, బయటికి పోతూనే ఉంది. పక్క గట్టు మీద గాలం వేసుకుంటున్న పదిహేనేళ్ల కుర్రవాడు తన రాడ్డు కింద పెట్టి పరుగున వచ్చాడు.

"తాతగారూ, మోగుతున్నప్పుడు తిప్పకండి. అది ఆగాక తిప్పండి. ఇప్పుడు ఊరికే రాడ్డు పైకెత్తి పట్టుకోండి, చాలు" అన్నాడు.

"ఎంతసేపు బాబూ?" అని అడిగాను.

"అది అలిసేదాకా తాతగారూ."

మూడుసార్లు ఆ చేప దూరంగా పోయింది, మూడుసార్లూ డ్రాగ్ మోగి, నెమ్మదించి, ఆగింది. ఆగిన ప్రతిసారీ నేను రాడ్డు పైకెత్తి, దించుతూ నాలుగు చుట్లు చుట్టాను. పది నిమిషాల తరువాత ఆ కుర్రవాడు చేతివలతో పైకి తీసింది రెండున్నర కిలోల బంగారుతీగ. నా దారం తెగే బరువు నాలుగు కిలోలు. బిగబట్టి లాగి ఉంటే ఆ చేప మొదటి గుంజుకే తెంపుకుని పోయేదని ఇప్పుడు తెలుసు. నొప్పిపెట్టే చేయీ, ఏమీ తెలియని బుర్రా ఉన్న నేను ఆ పది నిమిషాలు చేసిందల్లా రాడ్డు ఎత్తి పట్టుకోవడమే, మిగిలిన పనంతా ఆ వాషర్లు చేశాయి. ఆ ఉదయం కలిగిన సంతోషం ఇప్పటికీ నాలో అలాగే ఉంది.

నేను ఎదురుచూడని మరొక ఉపకారం కూడా దానివల్ల కలిగింది. మసక వెలుతురులో ఇరవై గజాల అవతల ఉన్న బెండు నా కంటికి ఆనదు. బెండు తీసివేసి, ఎరను అడుగున పరచి, డ్రాగ్‌ను బాగా వదులు చేసి రాడ్డును ఆనుపు మీద పెడితే, చేప ఎర అందుకుని కదలగానే చప్పుడే నాకు కబురు చెబుతుంది. అప్పుడు రాడ్డు చేతిలోకి తీసుకుని మరను మళ్లీ సరైన బిగువుకు తెస్తాను. చూపు తగ్గినవారికి ఇది ఎంత ఊరటో నేను మాటల్లో చెప్పలేను. ఇలా వదులు చేసి కూర్చున్నప్పుడు రాడ్డుకు దూరంగా మాత్రం పోకూడదు, ఎందుకంటే ఆలస్యమైతే చేప గాలాన్ని మింగుతుంది.

బిగువు ఎంత ఉండాలన్నది నేను మొదట చేతి అంచనాతో చూసుకునేవాడిని. అది తప్పు. దారం తెగే బరువులో నాలుగో వంతు నుంచి మూడో వంతు దగ్గర స్పూలు జారేలా పెట్టుకోవాలన్నది అనుభవజ్ఞులందరూ చెప్పే లెక్క. ముడి వేసిన చోట దారం బలం కొంత తగ్గుతుంది, నైలాను నీటిలో నాని మరికొంత తగ్గుతుంది, వంగిన రాడ్డు రింగుల దగ్గర ఒరిపిడి అదనంగా చేరుతుంది, అందుకే అంత తక్కువ. నాలుగు కిలోల దారానికి నాలుగో వంతు అంటే ఒక కిలో. లీటరు నీళ్ల సీసా ఇంచుమించు అంతే తూగుతుంది కనుక, దాన్ని రీలు నుంచి నేరుగా వచ్చే దారానికి కట్టి వేలాడదీసి, సీసా మెల్లగా కిందికి దిగేటట్టు మరను తిప్పుతాను. సీసా కుదుపులు లేకుండా సమంగా దిగాలి. ఆ సమంగా దిగడమే అసలైన పరీక్ష అని నాకు తరువాత తెలిసివచ్చింది.

చేప దూరం పోయినకొద్దీ మరను బిగించాలనిపిస్తుంది. బిగించకూడదు. స్పూలు మీద దారం తరిగినకొద్దీ చుట్ట వ్యాసం తగ్గుతుంది, వ్యాసం సగమైతే అదే బిగువు వద్ద దారం మీద పడే లాగుడు రెట్టింపవుతుంది. అంటే మనం మర ముట్టుకోకుండానే డ్రాగ్ గట్టిపడుతూ ఉంటుంది. కాస్త ఎక్కువ పట్టు కావలసి వచ్చినప్పుడు నేను చూపుడువేలును స్పూలు అంచుకు ఆనించి మెల్లగా ఒత్తుతాను. ఆ వేలు తీసేస్తే చాలు, పాత బిగువు తిరిగి వస్తుంది. కీళ్లు బిగుసుకున్న వేళ్లకు కూడా ఇది కష్టమనిపించదు.

ఇక మూడో ఏడు జరిగిన సంగతి చెప్పాలి. మోకాలికి శస్త్రచికిత్స జరిగి నాలుగు నెలలు ఇల్లు కదలలేదు. ఆసుపత్రికి వెళ్లే ముందు రీలును శుభ్రంగా తుడిచి, ఏదీ వదులుగా ఉండకూడదన్న జాగ్రత్తతో డ్రాగ్ మరను చివరికంటా బిగించి సంచిలో పెట్టాను. తిరిగి నీటి దగ్గరకు వెళ్లిన మొదటి ఉదయం, ఇన్నాళ్లకు వచ్చానన్న ఆత్రంలో సీసా పరీక్ష చేయలేదు. మరను ఎప్పటిలాగే కొన్ని క్లిక్కులు వెనక్కి తిప్పి ఎర వేశాను. గంట తరువాత రాడ్డు వంగింది, నేను లేచి అందుకున్నాను. రీలు మోగలేదు. రాడ్డు ఇంకా వంగింది. ఉన్నట్టుండి స్పూలు ఒక్క కుదుపుతో జానెడు దారం వదిలి మళ్లీ బిగుసుకుపోయింది. ఇంకొక కుదుపు, మళ్లీ బిగింపు. మర వైపు నా చేయి వెళ్లేలోపే మూడో కుదుపుకు దారం తెగి, రాడ్డు నిటారుగా లేచి నిలబడింది. దారం చుట్టి చూస్తే ముడి దగ్గర తెగింది. ఆ చేప ఎంత పెద్దదో నాకు తెలియదు. నోట్లో నా గాలంతో అది వెళ్లిపోయిందన్న బాధ మాత్రం చాలా రోజులు నన్ను విడిచిపెట్టలేదు. గాలం మొనకు లోపలి వైపు ఎదురుగా ఉండే చిన్న ముల్లును శ్రావణంతో నొక్కి చదును చేసి వాడడం నేను మొదలుపెట్టింది ఆ తరువాతే. అలా చేస్తే దారం తెగినా చేప దాన్ని వదిలించుకోవడం తేలిక.

కొన్నచోటికి తీసుకువెళ్తే విప్పి కూడా చూడకుండా, దీనికి విడిభాగాలు దొరకవు, కొత్తది తీసుకోండి అన్నారు. రీలుతో వచ్చిన కాగితంలో డ్రాగ్‌ను వదులు చేసి దాచాలన్న ఒక్క వాక్యం లేదు. ఈ రెండు విషయాల్లోనూ నాకు ఇప్పటికీ మనస్తాపం ఉంది. ఆ ఒక్క వాక్యం అచ్చు వేసి ఉంటే ఆ చేప నోట్లో గాలం ఉండేది కాదు.

చివరికి నేనే విప్పాను. తెల్లటి గుడ్డ పరచి, మర ఊడదీసి, స్పూలు గుంటలో వాషర్లను పట్టి ఉంచే సన్నటి తీగ క్లిప్పును సూదితో పైకి లేపాను. వచ్చిన వాషర్లను వచ్చిన వరుసలోనే గుడ్డ మీద పెట్టి, ఫోన్లో ఒక ఫోటో తీసుకున్నాను. వరుస తప్పితే డ్రాగ్ పనిచేయదు. లోహపు వాషర్ల మధ్య ఉండే మూడు మెత్తటి ఫెల్టు వాషర్లు నాలుగు నెలల ఒత్తిడికి అట్టముక్కల్లా అణిగిపోయి ఉన్నాయి. వాటిలో ఉండవలసిన జిడ్డు ఇంకిపోయింది, ఒకటి గోటితో గీరితే నున్నగా, గాజులా తగిలింది. ఒక లోహపు వాషరు మీద గోధుమరంగు తుప్పు మచ్చ ఉంది. కదలడం మొదలుపెట్టడానికి ఎక్కువ బలం, కదిలాక తక్కువ బలం కావలసి రావడం వల్లనే ఆ కుదుపులు వచ్చాయి. లోహపు వాటిని స్పిరిటుతో తుడిచి మచ్చను రుద్ది తీసేశాను. ఫెల్టు స్థానంలో అదే కొలత కార్బన్ వాషర్లు తెప్పించి, డ్రాగ్ కోసమే ఉండే గ్రీజు పలుచగా పూసి బిగించాను. తుప్పు వదిలించే స్ప్రేలు దీనికి వాడకూడదు, అవి ఉన్న గ్రీజును కూడా కడిగేస్తాయి. కళ్లద్దాలు పెట్టుకుని చేసినా పని ముప్పావు గంటలో అయిపోయింది. సీసా మళ్లీ సమంగా దిగింది. అప్పటినుంచి ఇంటికి రాగానే మరను పూర్తిగా వదులు చేయడం, ఏడాదికోసారి వాషర్లు విప్పి చూడడం మానలేదు.

మొదటి రెండేళ్లలో ఎవరడిగినా, ఏమీ రానివారికి కూడా డ్రాగ్ అన్నీ చూసుకుంటుందని చెప్పేవాడిని. ఇప్పుడు ఆ మాటను కాస్త సవరించుకోవాలి. అది దారం తెగకుండా చూసుకుంటుంది, కానీ మనం చేసే తప్పును వెంటనే తెలియనివ్వదు. డ్రాగ్ జారుతున్నప్పుడు హ్యాండిల్ తిప్పితే దారం లోపలికి రాదు, తిప్పిన ప్రతిసారీ గేరు నిష్పత్తి (హ్యాండిల్ ఒక చుట్టు తిరిగితే స్పూలు చుట్టూ దారం పడే చుట్ల లెక్క) ఎంతో అన్ని మెలికలు దారంలోకి ఎక్కుతాయి. నా రీలులో ఒక చుట్టుకు ఐదు. ఆ కుర్రవాడు మోగుతున్నప్పుడు తిప్పకండి అన్నది ఇందుకేనని నాకు ఏడాది తరువాత గాని అర్థం కాలేదు. అప్పటికి కొత్త దారమైనా సరే వదులు కాగానే దానంతట అదే ముడుచుకుని ఉంగరాలు తిరిగేది, విసిరితే మధ్యలో చిక్కుపడేది. నేను దారం నాసిరకమనుకుని రెండుసార్లు మార్చాను. అలవాటు మార్చుకున్నాక అదే రకం దారం ఒక ఏడాది నిక్షేపంగా పనిచేసింది. విసిరిన తరువాత బెయిల్‌ను, అంటే దారాన్ని స్పూలు మీదికి మళ్లించే వంపు తీగను, హ్యాండిల్‌తో కాకుండా చేత్తో మూయడం కూడా మెలికలను తగ్గించింది.

ఈ రీలు మీకు సరిపడుతుందా అని అడిగేవారికి నా పరిస్థితి చెప్పడం న్యాయం. నేను నిలువ నీటి దగ్గర, ముక్కాలి పీట మీద కూర్చుని, ఎర వేసి ఎదురుచూసే మనిషిని. నాకు పడేవి ఎక్కువగా కిలో నుంచి మూడు కిలోల చేపలు. రోజంతా నిలబడి కృత్రిమ ఎరలు విసిరేవారికి, ఉప్పునీటిలో వాడేవారికి, నాలుగు కిలోలకు మించిన దారం కావలసినవారికి నా అనుభవం ఎంతవరకు పనికివస్తుందో చెప్పలేను. విప్పి బిగించే ఓపిక లేనివారైతే మొదటే కార్బన్ వాషర్లు ఉన్నది, విడిభాగాలు విడిగా దొరికేది వెతుక్కోవడం మంచిది. నాకు మళ్లీ కొనే అవసరం వస్తే, అంగట్లో రాడ్డుకు బిగించకముందే దారం చుట్టించి, ఒక నీళ్ల సీసా అడిగి కట్టి, అది ఎలా దిగుతుందో చూశాకే తీసుకుంటాను.