క్రాస్‌ట్రెక్ వెనక చేపల పడవ: నా పేచీ అంతా ఎనిమిదంగుళాల చక్రాలతోనే

పడవ లాగాలంటే పికప్ ట్రక్కు ఉండి తీరాలని డాలస్ చుట్టుపక్కల మనవాళ్లలో చాలామంది అనుకుంటారు. నేను కొన్నేళ్లుగా సుబారు క్రాస్‌ట్రెక్ వెనక పద్నాలుగు అడుగుల అల్యూమినియం జాన్ బోటు (అడుగు చదునుగా ఉండే చిన్న చేపల పడవ) తగిలించుకుని టెక్సోమా, రే రాబర్ట్స్, లవాన్ సరస్సులకు తిరుగుతున్నాను. కారు తన పని తాను చక్కగా చేస్తోంది. నా కోపమంతా ట్రైలర్ కింద బిగించి ఇచ్చే ఎనిమిదంగుళాల చక్రాల మీద. వాటితో పడవని హైవే ఎక్కించడం ఎంత అన్యాయమో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ఇంజను, మైలేజీ, కారు లాగగలిగే బరువుకి 1,500 పౌండ్ల పరిమితి అందరికీ తెలిసినవే. మాన్యువల్లో ఎక్కువమంది దాటేసే ముక్క ఇంకోటుంది: ట్రైలర్‌కి సొంత బ్రేకులు లేకపోతే 1,000 పౌండ్లు దాటకూడదు. ఇంత చిన్న ట్రైలర్లకి మామూలుగా బ్రేకులుండవు, 4,500 పౌండ్ల లోపు వాటికి టెక్సస్ చట్టం కూడా అడగదు. అంటే మన అసలు హద్దు వెయ్యి. పడవ, 9.9 హార్స్‌పవర్ మోటారు, పెట్రోలు డబ్బా, బ్యాటరీ, ఐస్ పెట్టె అన్నీ సర్ది ట్రక్ స్టాప్ కాటా మీద నిలబెడితే ట్రైలర్ బరువు 820 పౌండ్లు వచ్చింది. అమ్మినవాళ్లు బ్యాటరీని కూడా వెనకే బిగించి ఇచ్చారు. అలా ఉంటే కారు మీద పడాల్సిన బరువు చాలక, అరవై దాటగానే ట్రైలర్ అటూ ఇటూ ఊగేది. బ్యాటరీ, పెట్రోలు డబ్బా పడవ ముక్కు దగ్గరికి జరిపి, బాత్రూం తూకం మీద ట్రైలర్ ముందు కొస పెట్టి చూస్తే 95 పౌండ్లు. మొత్తం బరువులో పదో వంతు పైనే. ఆ తర్వాత ఊగడం మాట లేదు.

జాన్ బోటు ఎత్తు తక్కువ కాబట్టి కారు చాటునే దాక్కుంటుంది, గాలి పెద్దగా తగలదు. కాకపోతే ఇక్కడ గాలి ఎక్కువగా దక్షిణం నుంచి వీస్తుంది. టెక్సోమా నుంచి ఇంటికొచ్చే దారంతా దానికి ఎదురే. గాలనుకు ముప్ఫై దాకా ఇచ్చే కారు ఆ దారిలో ఇరవై రెండు, ఇరవై మూడుకి దిగుతుంది. నాకు అది చాలు.

కారులో నన్ను నిజంగా మెప్పించింది ర్యాంప్ మీద, అంటే పడవని నీళ్లలోకి దించే వాలు మీద, దాని పట్టు. మా స్నేహితుడొకడు ముందు చక్రాలు మాత్రమే తిరిగే సెడాన్‌తో ఇంతే పడవని లాగేవాడు. తడి ర్యాంప్ మీద పడవ పైకి లాగేటప్పుడు ట్రైలర్ బరువు కారు వెనక భాగాన్ని కిందికి నొక్కుతుంది, ముందు భాగం తేలికవుతుంది. తిరగాల్సిన చక్రాలు అవే కాబట్టి నాచు మీద ఊరికే తిరుగుతాయి. క్రాస్‌ట్రెక్‌లో నాలుగు చక్రాలకీ బలం అందుతుంది. జారే చోట పట్టు పెంచే ఎక్స్ మోడ్ బటన్ నొక్కి, బ్రేకు మెల్లగా వదిలి, యాక్సిలరేటర్ మీద కాలు ఆనిస్తే చాలు, తొణక్కుండా ఎక్కేస్తుంది. పక్క లైన్లో పికప్ వాళ్లు ఆగి చూడటం నాకు ఇప్పటికీ గర్వంగానే ఉంటుంది.

ఇక చక్రాలు.

ఆగస్టులో ఒక శనివారం నేనూ మా బావా టెక్సోమా వెళ్లాం. ఆ ఎండాకాలమంతా స్ట్రైపర్ చేపలు నీటి పైకొచ్చి మేత తింటున్నాయి, పొద్దున పదిలోపే ఐస్ పెట్టె నిండింది. మధ్యాహ్నం హైవే 75 మీద షెర్మన్ దాటి హౌ ఊరు దగ్గరికి వస్తున్నాం. బావ కుడి అద్దంలోకి చూసి, "బావా, ట్రైలర్ దగ్గర పొగలా ఉంది, ఆపెయ్" అన్నాడు. హైవే పక్కన ఆపడం ప్రమాదమని తరవాతి ఎగ్జిట్‌లో సర్వీస్ రోడ్డు మీదికి దించాను. దిగి చూస్తే కుడి చక్రం పైభాగం లోపలికి ఒరిగి ఉంది. చక్రం మధ్యలో ఉండే హబ్ దగ్గరికి చెయ్యి పోనివ్వడం లేదు, అంత వేడి. రిమ్ము లోపలంతా గ్రీజు చిమ్మి ఉంది, పాలెక్కువ పోసిన టీ రంగులో. నీళ్లు కలిసిన గ్రీజు ఆ రంగులోకి మారుతుంది.

అదనపు టైరు ఉంది. దానితో ఏం పని? పాడైంది హబ్ లోపల చక్రం తేలిగ్గా తిరగడానికి ఉండే బేరింగు. చల్లారాక కారు జాకీతో ఇరుసు లేపి నట్టు విప్పితే బయటి బేరింగు రోలర్లు ఒక్కొక్కటీ రోడ్డు మీద రాలాయి. లోపలి బేరింగు రింగు స్పిండిల్‌కి, అంటే హబ్ కూర్చునే ఇరుసు కొసకి, అతుక్కుపోయింది. ఎంత లాగినా కదలదు. అప్పుడే గడ్డి మోపుల ట్రైలర్‌తో వెళ్తున్న ఒక పెద్దాయన మమ్మల్ని చూసి పికప్ ఆపాడు. ఆయన దగ్గర సుత్తి, ఇనుప ఉలి ఉన్నాయి. రింగు మీద ఒకే చోట, స్పిండిల్‌కి గాటు పడకుండా, ఓపిగ్గా కొడుతూ పోయాడు. చాలాసేపటికి అది టప్పున చిట్లి ఊడొచ్చింది. ట్రైలర్‌కి మోసుకెళ్లాల్సింది అదనపు టైరు ఒక్కటే కాదు, గ్రీజు పెట్టి సిద్ధం చేసిన అదనపు హబ్ కూడా అని ఆయనే చెప్పాడు. డబ్బివ్వబోతే తీసుకోలేదు. ఐస్ పెట్టె తెరిచి రెండు స్ట్రైపర్లు తీసుకోమంటే సంతోషంగా తీసుకున్నాడు.

బావ ట్రైలర్ నుంచి కారు విడదీసుకుని వెనక్కి షెర్మన్ వెళ్లి హబ్ కిట్ తెచ్చాడు. ఎల్ 44649 బేరింగు, ఎల్ 44610 కప్పు, నీళ్లు రాకుండా ఆపే సీలు, కాటర్ పిన్. చిన్న ట్రైలర్లలో ఎక్కువ నడిచే సైజు ఇదే కాబట్టి మొదటి షాపులోనే దొరికింది. ఎమరీ కాగితంతో స్పిండిల్ నునుపు చేసి బిగించుకుని, యాభై దాటకుండా ఇల్లు చేరేసరికి చీకటి పడింది.

మర్నాడు రెండో వైపు హబ్ విప్పితే అసలు సంగతి బయటపడింది. సీలు అంచు చిరిగి ఉంది, లోపల పాత గ్రీజే. సీజన్ మొదట్లో బేరింగులు విప్పి, కడిగి, కొత్త గ్రీజు పెట్టినట్టు బిల్లులో రాసి డబ్బు తీసుకున్న షాపు వాళ్లు హబ్ ముందు వైపు నుంచి గ్రీజు నాలుగు పంపులు కొట్టి వదిలేశారు. ఆ పనికి వాళ్లని ఇప్పటికీ క్షమించలేను, ఎందుకంటే అది డెబ్బై మైళ్ల వేగంలో విరిగి ఉంటే వెనక వచ్చేవాళ్ల సంగతేంటి?

షాపు తప్పు ఒక వంతయితే చక్రాల సైజు మిగతా వంతు. ఎనిమిదంగుళాల రిమ్ముకి వేసే 4.80-8 టైరు మొత్తం వ్యాసం పదహారు అంగుళాలకి అటూ ఇటూ. అరవై అయిదు మైళ్ల వేగంలో అది నిమిషానికి 1,360 చుట్లు పైనే తిరగాలి. అదే వేగంలో మా కారు చక్రం తిరిగేది 800 లోపు. అంత తిప్పుడుకి కాగిపోయిన హబ్‌ని ర్యాంప్ మీద చల్లటి నీళ్లలో ముంచుతాం. లోపలి గాలి ఒక్కసారిగా కుంచించుకుని, సీలులో ఏ కాస్త సందున్నా నీళ్లని లోపలికి పీల్చుకుంటుంది. తిరుగు ప్రయాణంలో ఆ నీళ్లే గ్రీజుని నాశనం చేస్తాయి. ఈ చక్రాలు చవక, పడవని నేలకి దగ్గరగా ఉంచుతాయి, ఊళ్లోనే ఉన్న చెరువు దాకా అయితే సరిపోతాయి. డెబ్బై మైళ్ల అవతల సరస్సుకి వెళ్లే మనిషికి కూడా అవే అంటగట్టడం నాకు ఎంతమాత్రం నచ్చదు.

నేను పన్నెండంగుళాల చక్రాలు వేయించాను. అవే నాలుగు బోల్టులు, అదే హబ్, మడ్‌గార్డులు మాత్రం కాస్త పైకి జరపాలి. ఇప్పుడు అదే వేగంలో 1,100 చుట్ల లోపే. హబ్‌లకి స్ప్రింగ్ ఉన్న గ్రీజు మూతలు పెట్టాను, లోపల కొద్దిపాటి ఒత్తిడి ఉంచి నీళ్లని రానివ్వవు. వాటిలోకి గ్రీజు అదే పనిగా కొడితే వెనక సీలు తన్నుకుపోతుంది, స్ప్రింగు కదిలిందంటే చాలు, ఆపాలి. ర్యాంప్‌కి చేరగానే పడవ దించకుండా కాసేపు ఆగుతాను, హబ్ చల్లారనివ్వాలి కదా. వచ్చేటప్పుడు ఎలాగూ జీబ్రా మసెల్స్ (పడవల్లో నీళ్ల ద్వారా ఒక సరస్సు నుంచి ఇంకోదానికి పాకే చిన్న ఆల్చిప్పలు) రూలు ప్రకారం పడవలో నీళ్లన్నీ అక్కడే వదలాలి. ఆ నీళ్లు కారుతుండగా రెండు చక్రాలూ పట్టుకుని ఊపి చూస్తాను, దారిలో మొదట ఆగిన చోట హబ్ మీద చెయ్యి వేస్తాను. గోరువెచ్చగా ఉంటే పర్లేదు. ఆ తర్వాత మళ్లీ ఎక్కడా ఇబ్బంది రాలేదు.

అయితే ర్యాంప్ గురించి ఇందాక చెప్పింది కొంచెం తగ్గించుకోవాలి. చక్రాలు పెద్దవి కావడంతో ఇరుసు రెండంగుళాలు పైకి లేచింది. పడవ తేలాలంటే ట్రైలర్ ఆ మేరకు లోతుకి దిగాలి. ర్యాంప్ వాలుని బట్టి కారు అడుగు పైనే ఇంకా వెనక్కి పోవాల్సి వస్తోంది. ఇదివరకు కారు వెనక టైర్ల అంచు తడిసేది, ఇప్పుడు రిమ్ము దాకా నీళ్లొస్తాయి. ఎండాకాలం చివర్లో నీటిమట్టం తగ్గితే ర్యాంప్ కింది భాగంలో నాచు మందంగా ఉంటుంది, సైలెన్సర్ గొట్టం నీటికి మరీ దగ్గరవుతుంది. ఎత్తున్న పికప్‌కి ఈ చిక్కు లేదు. అలాంటప్పుడు నేను ర్యాంప్ బాగున్న ఇంకో చోటు చూసుకుంటాను. ట్రైలర్ తగిలించే హిచ్ బాల్ ఎత్తు కూడా మార్చాల్సి వచ్చింది, అది వేరే ఖర్చు.

కొనమంటారా అంటే, మా ఇంటి పరిస్థితి చెప్పి ఊరుకుంటాను. మా కాలనీ సంఘం డ్రైవ్‌వేలో పడవ కనిపించనివ్వదు. ముందు కొస మడిచే ట్రైలర్ కాబట్టి ఇది గరాజ్‌లో పట్టింది. ఆఫీసుకి రోజూ వెళ్లేది ఈ కారులోనే, పికప్‌కి చోటూ లేదు, అవసరమూ లేదు. పడవలో నేనూ బావా, లేదంటే నేనూ మా అమ్మాయీ, అంతే. నలుగురు కూర్చునే లోతు పడవ, నలభై హార్స్‌పవర్ మోటారు కావాలనుకుంటే బ్రేకుల్లేని వెయ్యి పౌండ్ల హద్దు అక్కడే దాటిపోతుంది, అప్పుడు ఈ కారు మీకు కాదు. గాల్వెస్టన్ వెళ్దామని బావ అడుగుతూనే ఉన్నాడు. ఉప్పునీళ్లలో హబ్‌లు ముంచి, అయిదు గంటల దారి, ఎండలో. పడవ ఇక్కడే ఉంచి అక్కడ అద్దెకి తీసుకుందామన్నాను.