ఓడ ఇంజన్ల కోసం ఉద్దానం దాకా

శ్రీకాకుళం జిల్లాలో ఓడ ఇంజన్లు తయారుచేసే కర్మాగారం ఒక్కటీ లేదు. పెద్ద ఓడల ఇంజన్లలో చాలామటుకు పుట్టేది దక్షిణ కొరియా, జపాన్, చైనాల్లో. కానీ వాటి కడుపులో దూరి పనిచేసిన మనుషులతో మాట్లాడాలంటే సోంపేట, కవిటి, కంచిలి వైపు, అంటే ఉద్దానానికి రావాలి. కొబ్బరి తోటల మధ్య వెల్డింగ్, ఫిట్టింగ్ నేర్పుతామనే బోర్డులు కనిపిస్తూనే ఉంటాయి. ఇక్కడి కుర్రాళ్ళు వెల్డర్లుగా, ఫిట్టర్లుగా, బరువులెత్తించే రిగ్గర్లుగా గల్ఫ్‌కూ సింగపూర్‌కూ వెళ్ళడం, ఓడలెక్కడం కొత్తేమీ కాదు.

మొదట బారువలో దిగాం. సముద్రానికి ఎదురుగా గది. కిటికీ తెరిస్తే అలలు, ఆ గాలికి అడిగినంత అద్దె ఇవ్వవచ్చు. మిగతా విషయాల్లో మాత్రం బేరమాడాల్సిందే. ఉప్పు గాలికి తుప్పు పట్టిన గొళ్ళెం పడదు, వేడి నీళ్ళు బకెట్‌తో తెస్తారు, రాత్రి భోజనం కావాలంటే మధ్యాహ్నమే చెప్పాలి. మహేంద్రతనయ సముద్రంలో కలిసే చోటు, కోటిలింగేశ్వరాలయం, పాత దీపస్తంభం, అన్నీ ఒక్క సాయంత్రంలో చూడవచ్చు.

బారువ తీరానికి కొంత దూరంలో, నీటి అడుగున, ఎస్.ఎస్. చిల్కా అనే ఆవిరి ఓడ ఉంది. 1917లో మునిగింది. అంతకు అయిదేళ్ళ ముందే, 1912లో, కోపెన్‌హాగెన్‌లో తయారైన సెలాండియా అనే ఓడ డీజిల్ ఇంజన్లతో బ్యాంకాక్ దాకా వెళ్ళి వచ్చింది. ఆ ఓడకు పొగగొట్టమే లేదు. అంటే బాయిలర్ల కాలానికి అప్పటికే చెల్లుచీటీ రాసేశారన్నమాట. పడవవాడు మమ్మల్ని ఓడ మునిగిన చోటికి తీసుకెళ్ళాడు గానీ, నీళ్ళలోకి దిగనివాళ్ళకు అక్కడ కనిపించేదల్లా నీళ్ళే. స్కూబా రానివారు ఆ డబ్బు చేపల కూరకు ఖర్చు పెట్టుకోవడం మేలు.

రెండో బస కవిటి దగ్గర ఒక ఇంట్లో. బోర్డు లేదు, తెలిసినవాళ్ళ ద్వారా దొరికింది. ఇంటి యజమాని ఓడల్లో ఇంజన్ ఫిట్టర్‌గా పనిచేసి రిటైరైన పెద్దాయన. గదిలో ఏసీ లేదు, దోమతెర ఉంది. పనసకాయ కూర, చేపల పులుసు, అడిగినప్పుడల్లా కొబ్బరిబొండం. అద్దె బారువ గదిలో సగం కూడా లేదు. ఈ యాత్రలో నా లెక్కకు అత్యుత్తమ బస ఇదే, సగం కారణం ఆయన మాటలే.

నేను చదువుకున్న అంకెలు అప్పజెప్పాను. 2006లో నీళ్ళలోకి దిగిన ఎమ్మా మెర్స్క్ అనే కంటైనర్ ఓడ ఇంజన్‌కు 14 సిలిండర్లు, ఎత్తు 13.5 మీటర్లు, పొడవు దాదాపు 27, బరువు 2,300 టన్నులు, శక్తి లక్ష హార్స్‌పవర్ పైమాటే. ఆయన నవ్వి, "ఎన్ని చుట్లు తిరుగుతుందో చెప్పండి బాబూ, అదీ గొప్ప" అన్నారు. నిమిషానికి 102. పిస్టన్ రెండున్నర మీటర్లు పైకీ కిందకీ నడుస్తుంది. గేర్లు లేవు, ప్రొపెల్లర్ నేరుగా షాఫ్టుకే ఉంటుంది. ఓడను వెనక్కి నడపాలంటే ఇంజన్ ఆపి, ఉక్కు సీసాల్లో ఒత్తిడితో నింపిన గాలిని సిలిండర్లలోకి వదిలి ఎదురు దిశలో తిప్పాలి.

ఒకసారి కొత్త ఓడను తీసుకురావడానికి ఆయన దక్షిణ కొరియాలోని ఉల్సాన్ వెళ్ళినప్పుడు అక్కడి ఇంజన్ షాపు చూశారట. ముందు ఇంజన్‌కు పునాదిలాంటి బెడ్‌ప్లేటు పరుస్తారు, దాని బేరింగుల మీద, పిస్టన్ల కదలికను తిరుగుడుగా మార్చే క్రాంక్‌షాఫ్టును క్రేన్లతో దించుతారు. ఎమ్మా మెర్స్క్ ఇంజన్‌లో అదొక్కటే 300 టన్నులు. అంత షాఫ్టును ఒకే ముద్దగా చేయలేరు, ముక్కలుగా చేసి కలుపుతారు. "ముక్కలను కలిపే చేయిలాంటి వెబ్ ఉంటుంది, దాని రంధ్రాన్ని షాఫ్టు కన్నా రవ్వంత చిన్నగా కోసి, వేడి చేసి తొడుగుతారు. చల్లారాక బిగుసుకుంటుంది. ఎడ్లబండి చక్రానికి ఇనుప పట్టా ఎక్కించడం చూశారా, అదే పని" అన్నారు. పెద్ద బోల్టులను బలంతో తిప్పరట. హైడ్రాలిక్ జాక్‌తో బోల్టును సాగదీస్తే, అది సాగి ఉన్నంతసేపూ నట్టును చిన్న కడ్డీ పెట్టి చేత్తోనే తిప్పవచ్చు. ఒత్తిడి వదలగానే బోల్టు ముడుచుకుని పట్టేస్తుంది. ఇంత సరంజామా తర్వాత షాఫ్టు వంగిందో లేదో చూసేది అరచేతిలో ఇమిడే డయల్ గేజ్‌తో, మిల్లీమీటరులో నూరో వంతు లెక్కన. షాపులోనే నడిపి పరీక్షించి, మళ్ళీ విడదీసి ఓడలోకి చేరుస్తారు. ఆ విడదీయడం గురించి చెప్పేటప్పుడే ఆయన గొంతులో విసుగు వినిపించింది.

ఇదే శ్రీకాకుళం జిల్లాలోని మూలపేట పోర్టుకు 2023 ఏప్రిల్‌లో శంకుస్థాపన జరిగింది. పనులు జరిగే చోటికి యాత్రికులను రానివ్వరు, దూరం నుంచి చూసి తృప్తి పడాలి. చలికాలమైతే పక్కనే తేలినీలాపురంలో గూడబాతులు దిగుతాయి, అవి పోర్టు కన్నా దగ్గరగా కనిపిస్తాయి.

విజయనగరం వైపు గరివిడి చాలామంది యాత్రికుల జాబితాలో ఉండదు. 1892లోనే విజయనగరం జిల్లా నేలలో మాంగనీసు తవ్వకం మొదలైంది. ఓడ షాఫ్టు ఉక్కుకు బలం ఇచ్చేవాటిలో ఆ లోహం ఒకటి. ఉక్కులో కలిపే ఇనుప మిశ్రమాలు తయారుచేసే ఫెర్రో అల్లాయ్స్ కర్మాగారాన్ని బయటి నుంచే చూశాం. గరివిడిలో బస వెతకనక్కర్లేదు, రైలెక్కి విజయనగరం వెళ్ళిపోవచ్చు. అక్కడ బస్టాండు పక్క హోటళ్ళలో గదులు శుభ్రంగా ఉన్నాయి గానీ, రోడ్డు వైపు గది ఇస్తే తీసుకోకండి, తెల్లవారుజామున నాలుగింటికే హారన్లు మొదలవుతాయి. వెనక వైపు గది అడిగితే అదే అద్దెకు ఇస్తారు.